అమ్మ మొక్కుకుంది, నేను వెళ్ళి తీరాలా?

అక్కా, నా వయసు 31. మాది కోనసీమలో చిన్న ఊరు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసి, వైరింగ్ పనులు చేసుకుంటున్నాను. నా ముందు పుట్టిన ఇద్దరూ పోయారు. నాకు ఏడాది వయసులో కామెర్లు ముదిరి అందరూ ఆశ వదిలేసుకుంటే, ‘వీణ్ణి బతికిస్తే నీ సేవకి ఇచ్చేస్తాను ప్రభువా’ అని అమ్మ మొక్కుకుందట. నాన్న పోయాక కూలికి వెళ్ళి నన్ను పెంచింది. ఇప్పుడు పని మానేసి జూన్‌లో బైబిల్ ట్రైనింగ్‌కి వెళ్ళమంటోంది. నాకేమో మైకు పట్టుకుంటే నోరు పెగలదు. నిరుడు నా భార్యకి మూడో నెలలో గర్భం పోయింది. మొక్కుబడి తీర్చనందుకే అంది అమ్మ. సంఘంలో ఒక పెద్దావిడా అదే మాట అంది. ఇప్పుడు మళ్ళీ నాలుగో నెల. నా భార్య రాత్రుళ్ళు నిద్రపోవడం లేదు. ‘మీరు వెళ్ళిపోండి, నా బిడ్డ దక్కితే చాలు’ అంటోంది. అమ్మ నెల రోజులుగా నాతో మాట్లాడటం లేదు. ఆదివారం మధ్యాహ్నాలు సంఘంలో విధవరాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కరెంటు పనులు ఉచితంగా చేస్తుంటాను. నాకు చేతనైంది అదొక్కటే. అది సేవ కాదంటుంది అమ్మ. నేను దేవుడి సొత్తు దొంగిలించినట్టేనా అక్కా?

తమ్ముడూ,

ముందు మీ భార్య సంగతి మాట్లాడుకుందాం. మొక్కుబడి సంగతి కాసేపు ఆగినా నష్టం లేదు, ఆ అమ్మాయి నిద్ర ఆగదు.

నిరుడు పోయిన బిడ్డ మీ మొక్కుబడి వల్ల పోలేదు. ఈ మాట ఈ రాత్రే ఆమెకు మీ నోటితో చెప్పండి. గర్భం అని తెలిశాక కూడా నూటికి 10 నుంచి 20 దాకా నిలవకుండా పోతాయి. వాటిలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే జరుగుతాయి. అలా తొలి నెలల్లో పోయేవాటిలో సగానికి పైగా క్రోమోజోముల లెక్క తప్పడం వల్లే పోతాయి. తల్లి ఏదో తిన్నందుకూ కాదు, బరువెత్తినందుకూ కాదు, అత్తగారు ముప్ఫై ఏళ్ళ కిందట చేసిన ప్రార్థన వల్ల అసలే కాదు. పుట్టు గుడ్డివాడిని చూసి శిష్యులు ‘ఎవరి పాపం, ఇతనిదా, కన్నవాళ్ళదా’ అని అడిగితే యేసుప్రభువు ఇద్దరిదీ కాదన్నాడు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం. ఆ పెద్దావిడ ఈసారి ఆ మాట అంటే మీరు గౌరవంగానే, గట్టిగా ఆ అధ్యాయం చదివి వినిపించండి. కడుపుతో ఉన్న పిల్ల దగ్గర అలాంటి మాటలు మాట్లాడే హక్కు సంఘంలో ఏ వయసువాళ్ళకీ లేదు.

ఇంకొకటి. నాలుగో నెల అన్నారు కాబట్టి చెబుతున్నాను. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో నాలుగో నెల నుంచి గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే ఎక్కడికి వెళ్ళాలో చెబుతుంది. మీరు పని మానుకుని పక్కన ఉండి తీసుకెళ్ళండి. నిద్ర పట్టడం లేదన్న విషయం డాక్టరమ్మకు చెప్పడం మరిచిపోవద్దు. నిరుడు జరిగినదాని గురించి మీరిద్దరూ కూర్చుని ఏడ్చి ఉండరని నాకు అనిపిస్తోంది. ఆ ఏడుపు మిగిలిపోయి ఉంది. అది కూడా కానివ్వండి.

ఇక మొక్కుబడి.

బిడ్డ పుడితే దేవుడికే ఇచ్చేస్తానని మొక్కుకున్న బైబిల్లోని హన్నాను మనసులో పెట్టుకుని మీ అమ్మగారు మొక్కుకున్నారు. మన తల్లుల్లో చాలామంది అంతే. జబ్బు పడిన బిడ్డ పక్కన కూర్చుని, చేతిలో పైసా లేనప్పుడు, దేవుడికి ఇవ్వడానికి ఆ బిడ్డ తప్ప ఇంకేమీ కనబడదు. ఆ ప్రార్థనను నేను తేలిక చేయను. దాన్ని మీరూ ఎన్నడూ తేలిక చేయకండి. కానీ హన్నా కథ మనం సగంలో ఆపేస్తున్నాం. హన్నా తన పిల్లవాడు సమూయేలును షిలోహులో దేవుని గుడారం దగ్గర, యాజకుడు ఏలీ చేతుల్లో వదిలింది, నిజమే. ఆ తర్వాత చాలా కాలానికి, ఒక రాత్రి, దేవుడే సమూయేలును పేరు పెట్టి పిలిచాడు. మూడుసార్లు ఆ పిల్లవాడు ఏలీ పిలిచాడనుకుని పరుగెత్తాడు. నాలుగోసారి తన నోటితో తానే ‘నీ దాసుడు ఆలకించుచున్నాడు’ అన్నాడు. తల్లి ఇచ్చింది కదా అని దేవుడు పిలుపు మానుకోలేదు. తల్లి ఇవ్వడం ఒకటి, దేవుడు పిలవడం ఒకటి. పైగా దినవృత్తాంతాల వంశావళి చూస్తే హన్నా భర్త ఎల్కానా లేవీ గోత్రంవాడు. గుడారంలో సేవ ఆ గోత్రానికి ముందే అప్పగించిన పని.

మరి లేవీ గోత్రం కాని మనిషిని ఎవరైనా మొక్కుకుంటే? ఈ ప్రశ్న మోషే ధర్మశాస్త్రంలోనే ఉంది. లేవీయకాండము 27వ అధ్యాయం తీయండి. మనుషులను యెహోవాకు మొక్కుకుంటే ఏం చేయాలో అందులో రాసి ఉంది. వాళ్ళు వెళ్ళి గుడారంలో పని చేయాలని లేదు. ఒక వెల కట్టి చెల్లించాలి. ఇరవై నుంచి అరవై ఏళ్ళ మగవాడికి యాభై తులాల వెండి. అంతటితో ఆగలేదు. మొక్కుకున్నవాడు ఆ వెల ఇవ్వలేనంత బీదవాడైతే యాజకుడి దగ్గరకు వెళ్ళాలి, అతని తాహతును బట్టి యాజకుడే వెల తగ్గించి నిర్ణయించాలి. తమ్ముడూ, ఈ వాక్యం నేను మొదటిసారి శ్రద్ధగా చదివినప్పుడు కళ్ళు చెమర్చాయి. కష్టంలో ఉన్న మనిషి తన శక్తికి మించి మొక్కుకుంటాడని దేవుడికి ముందే తెలుసు. దానికి దారి కూడా ముందే వేసి ఉంచాడు. మొక్కు మొక్కే. దాన్ని గాలికి వదలమనలేదు. అలాగని మనిషి మెడకు ఉచ్చులా బిగించమనీ అనలేదు.

మొక్కును ఉచ్చులా బిగించుకున్నవాడు యెఫ్తా. యుద్ధంలో గెలిస్తే తన ఇంట్లోంచి ఎదురొచ్చినదాన్ని దేవుడికి బలి ఇస్తానన్నాడు. ఆయన నోరు జారిన మాటకు ఆయన కూతురు మూల్యం చెల్లించింది. మీ ఇంట్లో ఆ మూల్యం కోడలు చెల్లిస్తోంది. ఇది మీ అమ్మగారితో అనకండి, ఆవిడ తట్టుకోలేరు. మీరు మాత్రం గుర్తుంచుకోండి.

ఇంతకీ మీకు పిలుపు లేదని నేను తీర్పు చెప్పడం లేదు. మైకు ముందు నోరు పెగలదు అన్నారు. అది గుర్తు కాదు. మోషేకూ నోటి మాంద్యమే. భయం వేయడాన్ని బట్టి పిలుపు ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. నేను వేరేవి అడుగుతాను. జనం కష్టంలో మీ దగ్గరకు దేనికోసం వస్తున్నారు? ఎవరూ అడగకుండానే మీ చేతులు ఏ పనికి వెళ్తున్నాయి? ఆ పని అయ్యాక ఎదుటి మనిషికి నిజంగా మేలు జరిగిందా? మీ ఉత్తరంలో ప్రసంగం గురించి ఒక్క వాక్యం ఉంది, అదీ మీ అమ్మగారు చెప్పినందుకు. విధవరాళ్ళ ఇళ్ళ గురించి రాసినచోట మాత్రం ‘నాకు చేతనైంది అదొక్కటే’ అని తల వంచుకున్నారు. అక్కడే నాకు మీరు కనబడ్డారు.

పేరు పెట్టి, దేవుని ఆత్మతో నిండినవాడు అని బైబిల్ మొట్టమొదట చెప్పింది ఏ ప్రవక్త గురించో కాదు, బెసలేలు అనే పనివాడి గురించి. నిర్గమకాండము 31. బంగారం, వెండి, ఇత్తడితో పనిచేయడానికీ, రత్నాలు చెక్కడానికీ, కర్ర చెక్కడానికీ. ఆ నేర్పును ఆత్మ ఇచ్చిన వరం అంటుంది వాక్యం. పేతురు తన మొదటి పత్రికలో కృపావరాల గురించి చెబుతూ రెండే మాటలంటాడు: ఒకడు బోధిస్తాడు, ఒకడు ఉపచారం చేస్తాడు. ఒకటి పైమెట్టు, రెండోది కిందిమెట్టు అని రాయలేదు. ఇద్దరినీ ‘గృహనిర్వాహకులు’ అన్నాడు. అంటే ఇల్లు తమది కాదు, సొత్తు తమది కాదు, ఇంట్లో అందరికీ అందేలా పంచే పని మాత్రం తమది. మీరు సొత్తు దొంగిలించారా అని అడిగారు. పంచుతున్నవాణ్ణి దొంగ అని ఎవరంటారు?

మన నేల మీద జరిగిన సంగతి ఒకటి చెప్పనివ్వండి. ఒంగోలులో పనిచేసిన అమెరికా మిషనరీ క్లౌ దొర గురించి వినే ఉంటారు. ఆయన కుర్రతనంలో అమెరికాలో భూమి సర్వే పని నేర్చుకున్నాడు. 1876 నుంచి 78 దాకా కరువు వచ్చి జనం రాలిపోతుంటే, ఆయన బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. కూలి ఇచ్చి వేలమంది ప్రాణాలు నిలబెట్టాడు. ఆయన దగ్గరున్న తెలుగు బోధకులు గట్టు మీద మేస్త్రీలుగా నిలబడ్డారు. గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం పండుగల్లో చెప్పుకుంటాం. దాని వెనక ఉన్న గొలుసు కొలతలనూ, మట్టి లెక్కలనూ చెప్పుకోం. సర్వే తెలియకపోతే ఆ కాంట్రాక్టు లేదు. ఎప్పుడో నేర్చుకున్న చేతిపనే ఆ కరువులో అన్నం పెట్టింది.

మీ పని కూడా అలాంటిదే. వానాకాలంలో మన ఊళ్ళలో ఏం జరుగుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. బట్టలు ఆరేసుకునే ఇనప తీగ తడిసిన కరెంటు వైరుకు తగులుతుంది. చేయి వేసిన మనిషి అక్కడే పోతుంది. ఎర్తింగ్ లేని ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలమ్మ తడి చేత్తో స్విచ్చి వేస్తుంది. మీరు వెళ్ళి ఆ తీగ స్థానంలో నైలాను తాడు కట్టి, ఎర్తు వేసి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టి వచ్చారనుకోండి. ఆ ఇంట్లో ఒక చావు తప్పింది. సాక్ష్యం చెప్పడానికి అక్కడ ఏమీ జరగలేదు కాబట్టి ఎవరూ లేచి నిలబడరు. అందుకే ఇది సేవలా కనబడదు.

ఉచితంగా చేసే పని అని సరుకు దగ్గర సర్దుకోవద్దు. సరుకు డబ్బులు సంఘం కానుకల్లోంచి అడగండి, మీ జేబులోంచి కాదు. మీకు బిడ్డ పుట్టబోతోంది. మహాసభలకు స్తంభం నుంచి నేరుగా కొక్కెం తగిలించమని పెద్దలు అడిగితే ఒప్పుకోకండి. అది దొంగతనమే కాక, ప్రాణాల మీదకు తెచ్చే పని. స్తంభం ఎక్కే పని లైన్‌మేన్‌ది.

మీ అమ్మగారి దగ్గరకు వస్తాను. ఆవిడది మొండితనం కాదు, భయం. ఇద్దరిని పాతిపెట్టిన చేతులవి. దేవుడు గుమ్మం ముందు నిలబడ్డ అప్పులవాడిలా కనబడుతున్నాడు ఆవిడకి. ఈ బిడ్డను కూడా పట్టుకుపోతాడేమోనని లోపల వణికిపోతున్నారు, ఆ వణుకు కోపంగా బయటికొస్తోంది. కాబట్టి వాదనకు దిగకండి. ‘నీ మొక్కు చెల్లదు’ అన్న మాట మీ నోట రానివ్వకండి. ‘అమ్మా, నీ మొక్కు తీరుద్దాం, ఎలా తీర్చాలో వాక్యంలో చూద్దాం’ అనండి. మాట్లాడకపోయినా కుటుంబ ప్రార్థనకు కూర్చుంటారు కదా. లేవీయకాండము 27 ఎనిమిదో వచనం దాకా నెమ్మదిగా చదవండి. మీ సంఘ కాపరిగారిని ముందే కలిసి, ఉన్నదున్నట్టు చెప్పి, ఆ రోజు ఇంటికి రమ్మని అడగండి. వాక్యం ప్రకారం తాహతు చూసి నిర్ణయించేది యాజకుడు. మీ అమ్మగారికి కొడుకు మాటకన్నా కాపరిగారి మాట బరువు.

వారానికి ఒక పూట, మీరూ మీ భార్యా కలిసి ఆలోచించుకుని, విధవరాళ్ళ ఇళ్ళకూ దిక్కులేని ముసలివాళ్ళ ఇళ్ళకూ కేటాయించండి. ఆ సంగతి ఒక ఆదివారం ఆరాధనలో కాపరిగారు చెప్పి, మీ అమ్మగారి చేతులు మీ తల మీద పెట్టించి ప్రార్థన చేయాలి. ముప్ఫై ఏళ్ళ కిందట ఆవిడ ఇస్తానన్న బిడ్డను ఆ రోజు అందరి ముందూ తన చేతులతో ఇస్తారు. దేవుడికి లంచం ఇచ్చి బయటపడుతున్నట్టు మాత్రం చేయకండి. మనసు ఒప్పుకున్నంతే చెప్పండి, చెప్పింది మానకండి. ఎప్పుడైనా మీకే వాక్యం చెప్పాలన్న ఆశ పుడితే, అప్పుడు ట్రైనింగ్ సంగతి చూసుకోవచ్చు. ఈ జూన్‌లో మాత్రం, కడుపుతో ఉన్న భార్యను వదిలి, భయపడి వెళ్ళకండి.

మా ఆయన సంఘ కాపరిగా ఉన్న రోజుల్లో ఒక కుర్రాణ్ణి తల్లి ఇలాగే ఏడ్చి పంపింది. మంచి వడ్రంగి. మూడేళ్ళు చదివాడు, ఒక సంఘానికి పంపారు, ప్రతి శనివారం జ్వరం తెచ్చుకునేవాడు. చివరికి వదిలేసి, సిగ్గుతో గుడికే రావడం మానేశాడు. సంఘానికి కాపరీ లేకుండా పోయాడు, వడ్రంగీ లేకుండా పోయాడు. అతణ్ణి ఆపి ఉండాల్సిందని మా ఆయన చివరిదాకా అనుకునేవారు. అందుకే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

వచ్చే ఆదివారం మీరు పనికి వెళ్ళేటప్పుడు మీ అమ్మగారిని తోడు రమ్మనండి. ‘మెయిను ఆపితే చీకటిగా ఉంటుంది, టార్చి పట్టుకోవడానికి మనిషి కావాలి’ అని చెప్పండి. అబద్ధం కాదు కదా. మీరు స్టూలెక్కి పని చేస్తుంటే, కింద ఆ ఇంటి ముసలమ్మ ఆవిడతో ఏం మాట్లాడుతుందో మాట్లాడనివ్వండి. మీరు కల్పించుకోవద్దు.

బిడ్డ పుట్టాక నాకు ఉత్తరం రాయండి. మీ అమ్మగారు చెబుతుంటే మీరు రాసిన ఉత్తరమైతే ఇంకా సంతోషిస్తాను.