నది వెంట నడవబోయే మా వాడికి

చిన్నా,

ఉద్యోగానికి సెలవు పెట్టి, నది ఒడ్డున నడుచుకుంటూ వెళ్ళి పుస్తకం రాస్తావట కదా. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెబుతూ కాసేపు ఏడ్చింది, కాసేపు గొప్పలు పోయింది. నా పరిస్థితీ అదే. మన ఇళ్ళలో పుస్తకాలు చదివినవాళ్ళున్నారు గానీ రాసినవాళ్ళు లేరు. సంతోషంగా ఉంది. టెన్షన్‌గానూ ఉంది.

నువ్వు అడగకపోయినా నాలుగు మాటలు చెబుతాను. మంచి బూట్లు కొనుక్కో. జేబులో పట్టే నోట్‌బుక్ పెట్టుకో. చూసింది ఆ రోజే రాసుకో. ఫొటోలు తీసుకుంటే తీసుకో గానీ వాసన, చప్పుడు, గాలి ఎటు నుంచి వీస్తోందన్నది ఫొటోలో రావు, వాటిని రాసుకోవాల్సిందే. ఇంతవరకు ఎవరైనా చెబుతారు.

నా దిగులంతా నువ్వు కాలేజీలో రాసిన ఆ కథ గురించి. అందులో కుర్రాడు ఇంట్లో ఎవరికీ తెలియకుండా, చిమ్మచీకట్లో, అర్ధరాత్రి నది ఒడ్డుకు వస్తాడు. సరిగ్గా అప్పుడే తూర్పున నిండు పున్నమి చంద్రుడు ఉదయిస్తాడు. వాక్యాలు బాగున్నాయి, నేను కాదనను. కానీ ఆ చంద్రుడి దగ్గర ఆగిపోయిన నాకు మిగతా కథ ఎక్కలేదు. పున్నమి నాడు సూర్యుడు ఒకవైపు, చంద్రుడు ఎదురుగా రెండోవైపు ఉంటారు కదరా! ఇటు పొద్దు గుంకుతుంటే అటు చంద్రుడు పైకొస్తాడు. అర్ధరాత్రికి నడినెత్తిన ఉంటాడు. అంటే నీ కుర్రాడు ఇల్లు దాటేసరికి వీధంతా వెన్నెలే, చిమ్మచీకటి ఎక్కడిది? వాడు గోడ దూకితే పక్కింటివాళ్ళు కూడా చూస్తారు.

అప్పుడు నిన్ను గట్టిగా తిట్టాను. నువ్వు మొహం ముడుచుకుని, "పెద్దమ్మా, అది కథ, భూగోళం పాఠం కాదు" అన్నావు. పిల్లలకు ఆ పాఠమే చెప్పి రిటైరైనదాన్ని, ఆ మాట కాస్త గుచ్చుకుంది. అందుకే అప్పుడు చెప్పాల్సింది చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

పున్నమి దాటాక చంద్రుడు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. బహుళ అష్టమి దగ్గరికి వచ్చేసరికి అర్ధరాత్రి ప్రాంతంలో ఉదయిస్తాడు. నీకు కావలసిన రాత్రి అదీ! పొద్దు గుంకినప్పటి నుంచి చీకటి, కుర్రాడు తప్పించుకోవడానికి బోలెడంత సమయం. పైగా సగం చంద్రుడంటే సగం వెన్నెల అనుకుంటాం గానీ నిజానికి పున్నమి వెలుగులో సుమారు పదో వంతే. ఆ మసక వెలుతురులో అవతలి ఒడ్డున నిలబడింది మనిషో, చెట్టు మొదలో వాడికి తెలియదు. నీ కథలో లేని భయం ఉత్త పుణ్యానికి వచ్చి చేరేది. తిథి సరిచూసుకుని ఉంటే తప్పు పోవడమే కాదు, కథ ఇంకో మెట్టెక్కేది. నా బాధంతా దాని గురించే, మార్కులు వెయ్యడానికి కాదు.

ఇంకోటి. ఆ కథలోనే "కోయిలమ్మ కుహూ అంది" అని రాశావు. కుహూ అనేది మగ కోయిల, నల్లగా ఉండేది. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, దాని అరుపు "కిక్ కిక్" అని వేరు. కవులు ఎప్పటినుంచో అలాగే రాస్తున్నారు కాబట్టి దీనికి నిన్నొక్కణ్ణే అనను. కానీ నువ్వు నడిచి వెళ్ళి, చెవులారా విని రాస్తానంటున్నావు. అలాంటప్పుడు పాత పద్యాల్లోంచి పక్షిని తెచ్చుకోవడం దేనికి?

అసలు విషయానికి వస్తాను. నదికి వంపు ఉన్నచోట బయటివైపు ఒడ్డును నీళ్ళు కోస్తుంటాయి, లోపలివైపు ఇసుక మేట వేస్తుంది. కోతపడే ఒడ్డు పైకి పచ్చగడ్డితో ముచ్చటగా ఉంటుంది, కింద డొల్ల. మీ తాతయ్య కుర్రతనంలో అలాంటి గడ్డి మీద నిలబడి, ఒడ్డుతో సహా నీళ్ళలో పడ్డాడు. ఈత వచ్చు కాబట్టి బతికాడు. ఆ తర్వాత మమ్మల్ని ఏ నది దగ్గరికి తీసుకెళ్ళినా ముందు వంగి, ఒడ్డు కింద ఏముందో చూసేవాడు. ఎక్కడ మట్టి కొత్తగా విరిగింది, ఏ చెట్టు వేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి, అన్నీ మాకు చూపించేవాడు. నది అందంగా ఉందని ఆయన అనగా నేను వినలేదు. కానీ ఆయనకన్నా బాగా నదిని చూసిన మనిషి నాకు తారసపడలేదు.

నువ్వూ అలాగే చూడు. నీళ్ళు ఉన్నట్టుండి బురదరంగుకి తిరిగినా, పుల్లలూ ఎండుటాకులూ గుంపుగా కొట్టుకొస్తున్నా, పైనుంచి హోరు వినిపించినా, ఫొటో తీస్తూ నిలబడకు. గట్టెక్కు. నీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన ఎక్కడో వాన పడి ఉండొచ్చు, ఆనకట్ట గేట్లు ఎత్తి ఉండొచ్చు. తడిసిన మట్టి వాసనొస్తే గాలి వచ్చే దిక్కుకు తిరిగి చూడు. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థానిది ఆ వాసన, గాలిలో లక్ష కోట్ల వంతుల్లో కొన్ని వంతులున్నా మన ముక్కు పసిగట్టేస్తుంది. గట్టెక్కి క్షేమంగా కూర్చున్నాక అవన్నీ రాసుకో. నువ్వు భయపడి చూసినవి పుస్తకంలో తప్పకుండా పనికొస్తాయి.

అలాగని కనిపించిన ప్రతి పురుగునీ పేజీలోకి ఎక్కించకు. రాత్రి మంచం ఎక్కేటప్పటికి తనంతట తాను గుర్తొచ్చేవి మూడో నాలుగో ఉంటాయి. మిగతావి నోట్‌బుక్‌లోనే ఉండనీ.

అనుమానం వచ్చిన చోట ఊహించి దాటెయ్యకు, అడుగు. ఐర్లండ్ రచయిత జేమ్స్ జాయిస్ పారిస్‌లో కూర్చుని తన సొంతూరు డబ్లిన్ గురించి నవల రాస్తూ, 1921లో అక్కడున్న తన మేనమామ భార్యకు ఉత్తరం రాశాడు. ఎక్లెస్ వీధి 7వ నంబరు ఇంటి ముందున్న కమ్మీలెక్కి, అవతలికి వేలాడి, దెబ్బ తగలకుండా మామూలు మనిషి కిందికి దూకగలడా అని ఆ ఉత్తరంలో అడిగాడు. ఒకతను దూకుతుండగా తనే చూశాడు, కానీ ఆ మనిషి వ్యాయామం చేసిన ఒళ్ళున్నవాడు. అందుకని మళ్ళీ అడిగాడు. అంత పెద్ద రచయితే అత్తను అడగ్గా లేనిది, నువ్వు పెద్దమ్మను అడగడానికి నామోషీ పడకు. ఏ రాత్రి చంద్రుడు ఎన్నింటికి వస్తాడో మెసేజ్ పెట్టు, పంచాంగం చూసి చెబుతాను.

మీ అమ్మకు రోజూ ఫోన్ చెయ్యి. నాకు వారానికోసారి చాలు. మొదటి అధ్యాయం పూర్తవగానే పంపు, ఎర్ర పెన్ను పట్టుకునే చదువుతాను, ముందే చెబుతున్నా.

మీ పెద్దమ్మ