అహింసా శిక్షణలో ఇంటర్న్‌గా చేరుతున్న మా అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు పేరిట ఆశీస్సులు. జూన్ నుంచి మూడు నెలలు గుంటూరులో ఇంటర్న్‌షిప్ అని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. యువతకి అహింసాయుత ఉద్యమం నేర్పే సంస్థ అనగానే మైకు ముందు మాట్లాడటమే పని అనుకుని వచ్చేవాళ్లు ఎక్కువ. నిజానికి అందులో ముప్పావు వంతు రిహార్సలూ, కాగితాలూ. ఆ రెండూ లేకుండా రోడ్డెక్కితే పోలీసు వ్యాన్ కనబడగానే సగంమంది చెదిరిపోతారు, ఎవడో ఒకడు రాయి తీస్తాడు. మర్నాడు పేపర్లో మనం అడిగిన మంచినీళ్ల కుళాయి ఊసుండదు, రాయి గురించే ఉంటుంది.

చేరేముందు సంస్థ లెటర్‌హెడ్ మీద ఒక లేఖ అడుగు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, స్టైపెండ్ ఎంత, బస్తీలకి తిరిగే ఛార్జీలు ఎవరివి, నీ పైన బాధ్యులెవరు అన్నవి అందులో ఉండాలి. ఇంకో ప్రశ్న కూడా మొహమాటపడకుండా అడుగు. పది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. శిక్షణకి వచ్చినవాళ్లకీ, వాలంటీర్లకీ కూడా అది వర్తిస్తుంది. కమిటీలో ఎవరున్నారో పేర్లు తెలుసుకో. దేవుని పని చేసే చోటు కదా, ఇవన్నీ ఎందుకులే అనుకోవద్దు. అలా అనుకున్నచోటే ఆడపిల్లలు నోరు నొక్కుకుంటారు.

ఇక రిహార్సల్. ఈ పద్ధతి ఎక్కణ్ణించి వచ్చిందో తెలిస్తే శ్రద్ధ కుదురుతుంది. జేమ్స్ లాసన్ అని అమెరికా మెథడిస్టు క్రైస్తవుడు. 1953 నుంచి మూడేళ్లు మన నాగపూర్ హిస్లాప్ కాలేజీలో ఉండి గాంధీ పద్ధతులు చదువుకున్నాడు. 1959లో నాష్‌విల్‌లో చర్చి గదుల్లో కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి, వాళ్లచేతే వాళ్లని తిట్టించి, తోయించి తయారుచేశాడు. 1960 ఫిబ్రవరిలో ఆ పిల్లలు నల్లవాళ్లకి ప్రవేశం లేని భోజన కౌంటర్ల దగ్గర కూర్చున్నారు. దెబ్బలు తిన్నారు, జైలుకెళ్లారు, తిరిగి చెయ్యెత్తలేదు. మే నెలలో నాష్‌విల్‌లో ఆ కౌంటర్లు అందరికీ తెరుచుకోవడం మొదలైంది. వాళ్ల ఓర్పు అప్పటికప్పుడు పుట్టుకొచ్చింది కాదు. అసలు రోజున విన్న తిట్లు వాళ్లు గదిలో అప్పటికే వినున్నారు.

ఇక్కడ చేయించేటప్పుడు ఇరవైమందిని రెండు వరసలుగా, మూరెడు దూరంలో ఎదురెదురుగా నిలబెట్టు. ఒక వరస ధర్నాకి వచ్చినవాళ్లు, రెండో వరస అడ్డుపడేవాళ్లు. అయిదు నిమిషాలు చేశాక వరసలు మార్చు. మొదటి నిమిషం అందరూ నవ్వుతారు. అప్పుడు ఆపేస్తే ఆ రోజు వృథా. నేర్చుకునేది ఆ నవ్వు ఆగాకే. ఇంటర్న్‌కి సాధారణంగా టైమ్ చూసే పని ఇస్తారు. దాన్ని చిన్నచూపు చూడకు, గది మొత్తం నీ చేతిలో ఉంటుంది. ఒంటిని కూడా గమనించు: పాదాల మధ్య జానెడున్నర ఎడం, చేతులు కిందికి, అరచేతులు తెరిచి. పిడికిలి బిగిస్తే ఎదుటివాడు దెబ్బకి సిద్ధమవుతాడు. గొంతు ఒక మెట్టు తగ్గించాలి. నవ్వు ముఖం పెట్టొద్దని ప్రత్యేకంగా చెప్పు. కోపంలో ఉన్నవాడికి అది వెక్కిరింతలా కనబడుతుంది.

చెడేది ఎక్కడంటే, అడ్డుపడే వేషం వేసినవాడు మరీ లీనమైపోయి నిజంగానే తోస్తాడు, లేదా నిజమైన కులం తిట్టు వాడతాడు. ఆ తిట్టు మన పిల్లల్లో చాలామంది స్కూల్లో విన్నదే. అభ్యాసం పేరుతో మళ్లీ ఎక్కించొద్దు. కులం పేరు, అమ్మానాన్నల మీద బూతులు, ఆడపిల్లల మీద చెయ్యి వేయడం ఉండవని మొదట్లోనే గట్టిగా చెప్పాలి. ‘ఆపు’ అని ఎవరన్నా ఆ క్షణమే ఆగాలి. తర్వాత గుండ్రంగా కూర్చుని పావుగంట మాట్లాడాలి: ఎక్కడ కోపం వచ్చింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది. టైమ్ లేదని ఈ పావుగంట కోసేసే ట్రైనర్లున్నారు. నువ్వు మాత్రం కోయనివ్వకు.

మన ప్రాంతం చరిత్ర కూడా చదువుకుని వెళ్లు. 1921లో మున్సిపాలిటీ పన్నులు మోయలేక చీరాల, పేరాల జనం ఇళ్లు వదిలి ఊరవతల రామ్‌నగర్‌లో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలున్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు రామదండు వాలంటీర్లతో దాన్ని నడిపారు. ఆయన జైలుకెళ్లాక, డబ్బూ ఓపికా తరిగాక జనం తిరిగి ఊళ్లోకి వచ్చారు. ఇందులో నువ్వు చూడాల్సింది ధైర్యం ఒక్కటే కాదు. ఒకే మనిషి మీద నిలబడిన ఉద్యమం ఆ మనిషి లేకపోతే ఏమవుతుంది? జనం ఎన్నాళ్లు కూలి పోగొట్టుకోగలరు? ఏ బస్తీలో ప్లాన్ వేసినా ఈ రెండూ అడుగు. ఒక పూట కూలి పోతే ఆ ఇంట్లో రాత్రి అన్నం సంగతేమిటో తెలియకుండా ధర్నాకి రమ్మనకూడదు.

ధర్నా చివరి మెట్టని గుర్తుంచుకో. ముందు ఇంటింటి సర్వే. తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ, రసీదు నంబరు తప్పకుండా. ఆ తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. మండల ఆఫీసుకైతే 5 రూపాయలు, కార్పొరేషన్‌కి, జిల్లా ఆఫీసులకి 10, తెల్లకార్డు వాళ్లకి ఉచితం. జవాబుకి 30 రోజుల గడువు. రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. నువ్వుండేది మూడు నెలలే కాబట్టి దరఖాస్తు మొదటి వారంలోనే వెళ్లాలి. లేకపోతే జవాబు వచ్చేసరికి నువ్వు రైలెక్కుతావు. "రోడ్డు ఎందుకు వేయలేదు?" అని అడిగితే జవాబు రాదు. "ఫలానా వార్డులో ఫలానా సంవత్సరం మంజూరైన పనుల జాబితా, అంచనా, చెల్లించిన బిల్లుల నకళ్లు" అని అడుగు.

రోడ్డెక్కే రోజు వస్తే అనుమతి దరఖాస్తు ముందుగా ఇవ్వాలి. విజయవాడలో పోలీస్ కమిషనరేట్‌కి, గుంటూరులో ఎస్పీ ఆఫీసుకి, స్థానిక స్టేషన్‌కి ఒక కాపీ. తేదీ, టైము, చోటు, ఎంతమంది, బాధ్యుల ఫోన్లు, మైకు సంగతి రాసి, మన కాపీ మీద ముద్ర వేయించుకో. కాదంటే కారణం కాగితం మీద ఇవ్వమను. జనం గుమిగూడటం మీదా, ఊరేగింపుల మీదా ఆంక్షలు పెట్టే భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 163 (పాత 144), పోలీస్ చట్టం సెక్షన్ 30 అమల్లో ఉన్నాయేమో కనుక్కో. విజయవాడలో అలంకార్ సెంటర్ ధర్నా చౌక్‌లోనైనా సరే, ఈ కాగితం లేకుండా జనాన్ని తీసుకెళ్లొద్దు.

రోహిణి కార్తె వెళ్లినా మన ఎండ వెళ్లదు. పొద్దున ఏడు నుంచి పది లోపు ముగించండి. యాభైమందికి, జనాన్ని క్రమంలో ఉంచే మార్షల్స్ అయిదుగురు, వీడియోకి ఇద్దరు, పోలీసులతో మాట్లాడేందుకు ఒకరు, విలేకరులతో మరొకరు. మూడు గంటలకి మనిషికి రెండు లీటర్ల నీళ్లు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు లేకపోతే లీటరు నీళ్లకి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, తలకొట్టి కొలవాలి. ఇంత చేసినా ఆడవాళ్లు కళ్లు తిరిగి పడిపోతుంటారు. ఎందుకంటే దగ్గర్లో బాత్రూమ్ ఉండదని తెలిసి పొద్దున్నుంచీ నీళ్లు ముట్టరు. కాబట్టి ముందురోజే వెళ్లి దగ్గర్లో ఉన్న చర్చినో, హోటల్నో అడిగి బాత్రూమ్ ఖాయం చేసుకో. వచ్చినవాళ్లకి ఆ సంగతి ముందే చెప్పు. నాకు ఇది బ్యానర్ కన్నా ముఖ్యం.

అరెస్టుల విషయం. ఎక్కువసార్లు వ్యాన్ ఎక్కించి సాయంత్రం వదిలేస్తారు. నిజంగా అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంటివాళ్లకి తెలపాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం లోపు ఆడవాళ్లని అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి రాతపూర్వక నివేదిక ఇచ్చి, మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకుని రావాలి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. లాయరు నంబరు ముంజేతి మీద బాల్‌పెన్‌తో రాసుకో, ఫోను లాక్కుంటే అదే దిక్కు. ఉచిత న్యాయ సహాయానికి 15100. గ్రూప్స్‌కో, కానిస్టేబుల్‌కో చదువుతున్న పిల్లలు అరెస్టయ్యే జట్టులో ఉండక్కర్లేదు. కేసు ఉంటే ఉద్యోగం ముందు విచారణలో అడుగుతారు. సర్వే, వీడియో, నీళ్లు వాళ్లకి అప్పగించు. వాళ్లని పిరికివాళ్లని ఎవరూ అనకుండా చూడు.

ప్రార్థన గురించి. ఆఫీసులో ఉదయం ప్రార్థన మనస్ఫూర్తిగా చెయ్యి. బస్తీ మీటింగులో మాత్రం మొదలుపెట్టకు. అక్కడ ముస్లిం తల్లులు, హిందువులు, మనవాళ్లు ఒకే కుళాయి దగ్గర నిలబడతారు. బ్యానర్ మీద సిలువ వేస్తే కుళాయి చర్చివాళ్ల సమస్య అయిపోతుంది. సర్వే ఫారంలో మతం కాలమ్ పెట్టకు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవాళ్లకే ఎస్సీ హోదా. మన సంఘాల్లో ఎంతమంది పిల్లల చదువులూ ఉద్యోగాలూ ఆ సర్టిఫికెట్ మీద నడుస్తున్నాయో నీకు తెలుసు. నీ ఫారమో, ఫొటోనో వాళ్ల మెడకి చుట్టుకోకూడదు. ఆదివారం ప్రకటన చదివించాలంటే పాస్టరుగారికి శుక్రవారంలోపు రెండే వాక్యాలు రాసివ్వు. షామియానా మేము వేయిస్తామని ఏ పార్టీవాళ్లు వచ్చినా వందనాలు చెప్పి పంపించు.

వెళ్లే ముందు వారంలో ఒక ఫైలు తయారుచెయ్యి: అర్జీ రసీదులు, దరఖాస్తుల తేదీలు, అప్పీలు గడువులు, బస్తీలో ఎవరిని ఏ టైములో కలవొచ్చు. నీ తర్వాత వచ్చే ఇంటర్న్‌ని ఒక రోజు ముందే రప్పించుకుని, వెంటబెట్టుకుని బస్తీలో తిప్పి, ఫైలు చేతికివ్వు. బీరువాలో పెట్టి వెళ్తే ఎవరూ తెరవరు.

ప్రేమతో,
అత్తయ్య