హైదరాబాద్ నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్‌కూ మామూలు ఎగ్జిబిషన్‌కూ తేడా ఏమిటి? మొదటిసారి వెళ్తే ఏం కొనాలి?

తేడా దాని పుట్టుకలోనే ఉంది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు హైదరాబాద్ రాజ్యమంతటా ఆర్థిక సర్వే చేయాలనుకున్నారు. దానికి కావలసిన డబ్బు కోసం పబ్లిక్ గార్డెన్స్‌లో పది రోజుల ప్రదర్శన పెట్టారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించారు. పేరు 'నుమాయిష్ మస్నువాతె ముల్కీ', అంటే మన రాజ్యంలో తయారైన సరుకుల ప్రదర్శన. అక్కడ చోటు చాలక 1946లో నాంపల్లి మైదానానికి మారింది. 1947, 1948లలో జరగలేదు. 1949లో గవర్నర్ జనరల్ రాజాజీ చేతుల మీదుగా మళ్ళీ తెరుచుకుని, అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అయింది.

ప్రదర్శన పెట్టి నలుగురికీ పనికొచ్చే పనికి డబ్బు కూడబెట్టాలన్న ఆ మొదటి ఉద్దేశం ఇప్పటికీ పోలేదు. నుమాయిష్‌ను నడిపే ఎగ్జిబిషన్ సొసైటీకి వచ్చే ఆదాయం విద్యాసంస్థలకు వెళ్తుంది. వాటిలో సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఆ మైదానంలోనే ఉన్నాయి. ఆడపిల్లల చదువుకు ఈ మైదానం చేసిన మేలు గురించి చెప్పుకునేవాళ్ళు తక్కువ, నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది అదే.

మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా, 46 రోజులు. సంక్రాంతి సెలవుల్లో, ఆదివారాల్లో కాలు పెట్టే సందుండదు. మంగళ, బుధవారాల్లో తెరిచిన వెంటనే వెళ్తే దుకాణదారుకు సరుకు విప్పి చూపించే ఓపిక ఉంటుంది. కారు తీసుకెళ్ళకండి, మెట్రోలో గాంధీభవన్ స్టేషన్‌లో దిగితే నడక దూరమే. అజంతా, గాంధీభవన్, గోషామహల్ గేట్లలో మీకు దగ్గరగా ఉన్నది ఏదో లోపలికి వెళ్ళగానే చూసి పెట్టుకోండి. ఎందుకంటే 2019 జనవరి 30 రాత్రి ఇక్కడ మంటలు రేగి ఎన్నో స్టాళ్ళు కాలిపోయాయి. స్టాళ్ళు ఒకదానికొకటి ఆనుకుని, నిండా బట్టలతో ఉండే చోట నిప్పు క్షణాల్లో పాకుతుంది.

ఇక కొనుగోళ్ళు. కశ్మీరీ శాలువా అంచు నుంచి రెండు పోగులు అడిగి తీసుకుని, బయటికి వచ్చాక వెలిగించండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. సింథటిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. అందుకే మొదటి రోజే కొనకుండా, పోగులు చూసుకుని రెండోసారి వెళ్ళి కొనడం మేలు. అక్రోట్లు పెంకుతోనే కొనండి. ఒలిచినవి గాలి తగిలి మక్కిన వాసన వేస్తాయి.

ఆవకాయ జాడీ కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టి చూడండి, ఖంగుమనాలి. మొద్దు శబ్దం వస్తే ఎక్కడో సన్నని బీట ఉన్నట్టే. లోపల వేలు పోనిచ్చి మెరుపు పూత అంతటా ఉందో లేదో తడమండి. పూత లేని చోట ఉప్పు, నూనె మట్టిలోకి ఇంకి, నెల తిరిగేసరికి జాడీ బయట చెమ్మ కడుతుంది. మూత అంచు కూడా సరిగ్గా కూర్చోవాలి, ఊగితే మరొకటి తీయించుకోండి.