అమెరికా వియ్యంకుల వంశవృక్షం: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఈ మధ్య శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకుల నుంచి అమెరికా కుటుంబాల పూర్వచరిత్ర గురించి వరుసగా ఉత్తరాలు అందుతున్నాయి. పిల్లలు అక్కడ స్థిరపడి, అక్కడివారితో వియ్యమందుతున్న కాలంలో ఇది సహజమే. ఆ ఉత్తరాలలో అయిదింటికి ఈ సంచికలో సమాధానమిస్తున్నాము.

ప్రశ్న: మా అమ్మాయి మసాచుసెట్స్‌లో అమెరికన్ యువకుణ్ణి వివాహం చేసుకుంది. మా వియ్యపురాలు పన్నెండు తరాల పేర్లున్న కాగితం ఒకటి పంపి, తమ మూలపురుషుడు 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చాడని రాశారు. మా వైపు వంశవృక్షంతో పాటు ఆ పేర్లను కూడా మనవడికి రాసి ఇవ్వాలని మావారి కోరిక. ఆ కాగితం ఎంతవరకు నమ్మదగినదో తెలుసుకునే మార్గం ఉందా?
— ఒక పాఠకురాలు, బొబ్బిలి

సమాధానం: ఉన్నదమ్మా. అయితే ఆ కాగితాన్ని ఓడ దగ్గర మొదలుపెట్టి కిందికి చదవకుండా, మీ మనవడి దగ్గర మొదలుపెట్టి పైకి చదవండి. ఫలానావారు ఫలానావారి సంతానమని చెప్పే ఆధారం ప్రతి మెట్టు దగ్గరా అడగండి. పన్నెండు పేర్లలో ఏడో పేరు దగ్గర ఆధారం తెగిపోతే, దానికి పైనున్న అయిదు పేర్లు ఎంత ప్రసిద్ధమైనవైనా మీ మనవడికి చెందవు.

ఇటువంటి కాగితాలలో సాధారణంగా పై కొస, కింది కొస గట్టిగానే ఉంటాయి. మేఫ్లవర్‌లో వచ్చిన 102 మంది ప్రయాణికులలో దాదాపు సగం మంది మొదటి చలికాలంలోనే మరణించారు. మిగిలినవారు ఎవరు, వారికెందరు పిల్లలన్నది ఆ ప్రయాణికులు నెలకొల్పిన ప్లిమత్ వలసకు గవర్నరుగా పనిచేసిన విలియం బ్రాడ్‌ఫర్డ్ 1650 ప్రాంతంలో స్వయంగా రాసిపెట్టాడు. 1897లో ఏర్పడిన మేఫ్లవర్ వారసుల సంఘం ఒక్కొక్క ప్రయాణికుడి సంతతిని మొదటి అయిదు తరాల వరకు ఆధారాలతో పరిశోధించి సంపుటాలుగా ప్రచురిస్తోంది. కాబట్టి మీ కాగితంలోని నాలుగో అయిదో తరం వ్యక్తి ఆ సంపుటాలలో ఉన్నాడా లేదా అని చూడడం పెద్ద పని కాదు. కింది కొసన జనన ధ్రువపత్రాలు, వివాహ పత్రాలు, జనాభా లెక్కలు ఉంటాయి.

చిక్కంతా నడుమనే. స్థూలంగా 1780 నుంచి 1850 వరకు అనుకోవచ్చు. అమెరికాలో జనాభా లెక్కలు 1790లో మొదలై పదేళ్లకొకసారి జరుగుతున్నా, 1840 వరకు ఇంటి యజమాని పేరు మాత్రమే రాసేవారు. తక్కినవారంతా వయసుల వారీ గళ్లలో అంకెలు. స్వతంత్రులైన ప్రతి మనిషి పేరూ, వయసూ, పుట్టిన రాష్ట్రమూ రాయడం 1850లో వచ్చింది. ఇంటి యజమానికి ఏమవుతారో రాయడం 1880లో గాని రాలేదు. అందువల్ల 1850 పత్రంలో ఒకే కప్పు కింద ఒకే ఇంటిపేరుతో కనిపించిన పిల్లవాణ్ణి కొడుకని రాసుకుంటే, అతడు తమ్ముడి కొడుకు కూడా కావచ్చు. మన ఉమ్మడి కుటుంబాలు చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ నడిమి కాలంలో మీ వియ్యంకుల పూర్వీకులు మసాచుసెట్స్‌లోనే ఉండిపోయారా, పడమటికి తరలిపోయారా అన్నది తప్పక కనుక్కోండి. మసాచుసెట్స్ పట్టణాలు పదిహేడో శతాబ్దం నుంచి జనన, వివాహ, మరణాలను పుస్తకాలకెక్కించాయి. 1850 వరకు గల నమోదులు చాలా పట్టణాలకు అచ్చులో దొరుకుతాయి. న్యూయార్క్ రాష్ట్రంలో మాత్రం రాష్ట్రవ్యాప్త నమోదు 1880లో గాని ప్రారంభం కాలేదు. అటువైపు వెళ్లిన కుటుంబం ఒక తరం పాటు కాగితాలలో కనిపించకుండా పోవడం సర్వసాధారణం. అప్పుడు కౌంటీ కోర్టులోని వీలునామాలు, భూముల క్రయ దస్తావేజులే శరణ్యం. తండ్రి వీలునామాలో పెళ్లయిన కూతురిని అత్తింటి పేరుతో పేర్కొనడం, పొలం అమ్మినప్పుడు భార్య తన హక్కు వదులుకుంటున్నట్టు సంతకమో వేలిముద్రకు బదులు ఒక గుర్తో పెట్టడం, ఇటువంటి చోట్లనే ఆడవారి పేర్లు బయటపడతాయి. పెళ్లితో పుట్టింటి పేరు పోయే సమాజంలో తల్లుల వంశాన్ని పట్టుకోవడం తండ్రుల వంశం కంటే ఎంతో కష్టం. మన పెళ్లిళ్లలో పురోహితులు ప్రవర చెప్పేటప్పుడు వధువుకూ వరుడికీ మూడేసి తరాల పేర్లు అందరి ఎదుటా చదువుతారు. ఆ తరహా సాక్ష్యం అక్కడ లేదు. అలాగని మనం అతిశయించనూ అక్కరలేదు, ఎందుకంటే నాలుగో తరం పేరు అడిగితే మన ఇళ్లలోనూ తడబాటే.

మరొక గని విప్లవ యుద్ధ (అమెరికా స్వాతంత్ర్య యుద్ధ) సైనికుల పింఛను దస్తాలు. 1832 చట్టం సైనికులకూ, 1836 చట్టం వారి వితంతువులకూ పింఛను పొందే అవకాశం విస్తరింపజేశాయి. వివాహాన్ని రుజువు చేసుకోవడానికి కొందరు వితంతువులు ఇంటి బైబిల్లో పిల్లల పుట్టిన తేదీలు రాసుకున్న పుటలనే చింపి అర్జీకి జతచేశారు. ఆ పుటలు నేటికీ వాషింగ్టన్‌లోని జాతీయ దస్తావేజుల భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. మీ కాగితంలో 1750, 1760 ప్రాంతాలలో పుట్టిన మగవారు ఉంటే మొదట అక్కడ వెతికించండి.

ఒక హెచ్చరిక కూడా అవసరం. కాగితం ఓడ దగ్గర ఆగకుండా ఇంగ్లండు ప్రభువుల దాకా, రాజుల దాకా పాకితే అనుమానించండి. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట సంపన్న అమెరికన్లకు వంశవృక్షాల మీద మోజు పెరిగినప్పుడు, గుస్తావ్ ఆంజూ అనే వ్యక్తి లేని వీలునామాలను, లేని చర్చి నమోదులను ఉటంకిస్తూ వారికి గొప్ప వంశాలు అల్లి అమ్మాడు. ఆ కల్పనలు తరువాతి పుస్తకాలలోకి పాకి, అక్కడి నుంచి ఇంటింటి కాగితాలలోకి చేరాయి. అచ్చులో ఉన్నంత మాత్రాన నమ్మకపోవడం ఈ పనిలో మొదటి జాగ్రత్త.

మనవడికి ఇచ్చే ప్రతిలో ఆధారమున్న పేర్లను సిరాతోను, లేనివాటిని పెన్సిలుతోను రాయమని మా సలహా. పన్నెండు తరాలు పైకి వెళితే ఒక మనిషికి 4096 మంది పూర్వీకుల స్థానాలు ఏర్పడతాయి. వాటిలో 2048 మీ అమ్మాయి వైపువి కాబట్టి మీవారు తొందరపడకుండా ఆ పని కూడా చూసుకోవచ్చు.

ప్రశ్న: అల్లుడి కుటుంబ పత్రంలో ఒకరి జన్మదినం ఫిబ్రవరి 1731/32 అని ఉంది. ఏ సంవత్సరమో తెలియక ఇలా రాశారా?
— ఒక పాఠకుడు, గజపతినగరం

సమాధానం: కాదు, తెలిసే రాశారు. ఇంగ్లండులోనూ దాని వలసలలోనూ 1752కు ముందు చట్టరీత్యా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందువల్ల ఫిబ్రవరి నెల పాత లెక్కలో 1731కి, కొత్త లెక్కలో 1732కు చెందుతుంది. 1752లో క్యాలెండరు మార్చినప్పుడు సెప్టెంబరు 2 తరువాతి రోజును 14గా లెక్కించారు. జార్జి వాషింగ్టన్ పాత లెక్కలో 1731/32 ఫిబ్రవరి 11న పుట్టాడు. నేడు జరుపుకొనేది 1732 ఫిబ్రవరి 22. మీ ఇంట్లో ఎస్టేటు కాలపు పట్టాలుంటే వాటి మీది ఫసలీ సంవత్సరం కూడా జనవరిలో మొదలు కాదని మీరు గమనించే ఉంటారు. క్వేకర్లనే క్రైస్తవ శాఖవారి పత్రాలలో ‘మొదటి నెల’ అని కనిపిస్తే, 1752కు ముందైతే అది మార్చి అని గుర్తుంచుకోండి. ఈ తేడా తెలియకపోతే పెళ్లికి ముందే బిడ్డ పుట్టినట్టు లెక్క తేలి, చనిపోయినవారికి లేని అపవాదు వస్తుంది.

ప్రశ్న: మద్రాసు గవర్నరుగా చేసిన ఎలైహూ యేల్ అమెరికాలో పుట్టినవాడేనని చదివాను. అక్కడ నేడు యేల్ ఇంటిపేరుతో ఉన్నవారు ఆయన సంతతి వారేనా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

సమాధానం: ఆయన పుట్టింది 1649లో బోస్టన్‌లోనే, మూడేళ్ల వయసులో తల్లిదండ్రులతో ఇంగ్లండు వెళ్లిపోయి, మళ్లీ అమెరికా చూడలేదు. 1687 నుంచి 1692 వరకు మద్రాసులోని సెయింట్ జార్జి కోటలో అధికారం నెరపాడు. మన పక్కనున్న విశాఖపట్నంలో 1682లో వెలసిన ఈస్టిండియా కంపెనీ కోఠీ ఆ కోట ఆధీనంలోదే. 1689లో ఔరంగజేబు సేనలు దానిని పట్టుకున్నప్పుడు మద్రాసులో పెత్తనం ఈయనదే.

సంతతి విషయానికి వస్తే, మద్రాసులోనే ఒక వితంతువును వివాహమాడిన యేల్‌కు ఆమె వల్ల కలిగిన ఒక్క కొడుకు డేవిడ్ పసితనంలోనే మరణించాడు. ఆ సమాధి నేటి మద్రాసు హైకోర్టు ప్రాంగణ ప్రాంతంలో ఉంది. మిగిలినవారు కుమార్తెలు, వారి జీవితం ఇంగ్లండులో గడిచింది. అమెరికాలో నిలిచిన యేల్ వంశం ఆయన పినతండ్రి థామస్‌ది. ఎలైహూ నాయనమ్మ వైధవ్యం తరువాత థియోఫిలస్ ఈటన్‌ను మనువాడింది. ఈటన్ 1638లో న్యూ హేవెన్ వలసను నెలకొల్పినవారిలో ఒకడు. ఆ కుటుంబంతో వచ్చిన థామస్ అక్కడే ఉండిపోయాడు. అదే న్యూ హేవెన్‌లోని కళాశాలకు 1718లో యేల్ పేరు పెట్టడానికి కారణం ఆయన పంపిన సరుకులూ పుస్తకాలూ తప్ప, అక్కడ ఆయన సంతానం ఉండడం కాదు. ఒకే ఇంటిపేరున్నా గోత్రాలు వేరైన కుటుంబాలను ఎరిగిన మనకు ఈ జాగ్రత్త కొత్తది కాదు. ఇక్కడ గోత్రమొకటే గాని శాఖ వేరు, అంతే.

ప్రశ్న: నేను చరిత్ర విద్యార్థిని. అమెరికాలో నల్లజాతి కుటుంబాల వంశాన్ని కూడా ఇదే పద్ధతిలో వెతకవచ్చా? వాటికి డీఎన్‌ఏ పరీక్ష సరిపోతుందా?
— ఒక విద్యార్థిని, ఎచ్చెర్ల

సమాధానం: పద్ధతి ఒకటే, దారి మాత్రం 1870 దగ్గర గోడను తాకుతుంది. 1850, 1860 జనాభా లెక్కలలో బానిసలకు వేరే పట్టికలుండేవి. వాటిలో రాసింది యజమాని పేరు; ఆ పేరు కింద మనుషులు వయసు, లింగం, మేని రంగుగా మాత్రమే కనిపిస్తారు. అప్పటి వరకు బానిసలుగా ఉన్నవారిలో అత్యధికులు తమ పేర్లతో జనాభా లెక్కలకెక్కినది 1870లోనే.

ఆ గోడకు కొన్ని తలుపులున్నాయి. అమెరికా అంతర్యుద్ధం ముగియబోతుండగా 1865లో ఏర్పడిన విముక్తుల (బానిసత్వం నుంచి విడుదలైనవారి) సహాయ సంస్థ వద్ద కూలి ఒప్పందాలు, వివాహ నమోదులు ఉన్నాయి. అదే సంవత్సరం మొదలై 1874లో మూతపడిన విముక్తుల పొదుపు బ్యాంకు, ఖాతాదారుణ్ణి గుర్తించడానికి తల్లిదండ్రుల, తోబుట్టువుల పేర్లనూ కొన్నిచోట్ల పాత యజమాని పేరునూ రాసుకుంది. ఆ బ్యాంకు మూతపడి డిపాజిటుదారులెందరో నష్టపోయారు. ఆ పుస్తకాలు మాత్రం నేడు వారి మునిమనవలకు అక్కరకు వస్తున్నాయి. యజమాని ఎవరో తేలిన తరువాత పరిశోధన ఆ తెల్లవారి కుటుంబం మీదికి మళ్లాలి. అతని వీలునామాలో, మరణానంతరం వేసిన ఆస్తి జాబితాలో, పశువుల సరసనే మనుషుల పేర్లు, ఒక్కొక్కరికి కట్టిన వెల కనిపిస్తాయి. ఒక తల్లి పేరు పక్కన బిడ్డ పేరు ఉండడమే చాలాసార్లు ఆ బంధుత్వానికి మిగిలిన ఏకైక సాక్ష్యం. తమ వంశం మేఫ్లవర్ దాకా వెళ్లిందని చెప్పుకొనే కుటుంబాల పరిశోధన కంటే ఈ పని గొప్పదని మా అభిప్రాయం.

డీఎన్‌ఏ విషయంలో అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఉదంతం చూడండి. ఆయన బానిస శాలీ హెమింగ్స్ పిల్లలకు ఆయనే తండ్రి అన్న మాట రెండు శతాబ్దాలుగా ఉన్నదే. ఆమె కొడుకు మాడిసన్ 1873లో ఒక పత్రికకు ఆ సంగతి చెప్పాడు కూడా. 1998లో జరిగిన పరీక్షకు తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగే వై క్రోమోజోమును తీసుకున్నారు. జెఫర్సన్‌కు భార్య వల్ల కలిగిన కొడుకెవరూ బతికి సంతానవంతుడు కానందున, ఆయన పెదతండ్రి ఫీల్డ్ జెఫర్సన్ పురుష సంతతితో పోల్చవలసి వచ్చింది. శాలీ చిన్నకొడుకు ఎస్టన్ సంతతితో అది కలిసింది. వుడ్సన్ అనే మరొక కుటుంబం తరతరాలుగా చెప్పుకొంటున్న కథకు మాత్రం పొంతన కుదరలేదు. కలిసినచోట కూడా ఆ పరీక్ష చెప్పగలిగింది తండ్రి జెఫర్సన్ వంశపు మగవాడని మాత్రమే. ఆ వంశంలో ఎవరన్నది తేల్చడానికి, ప్రతి బిడ్డా కడుపున పడిన కాలంలో థామస్ తన ఎస్టేటు మాంటిచెల్లోలోనే ఉన్నాడని చూపే కాగితాలు తోడు కావలసి వచ్చాయి. కాబట్టి పరీక్ష సరిపోదు. దస్తావేజుకు అది మంచి తోడు. పైగా ఆ పరీక్ష చూసేది ఒక్క మగవారి వరుసనే. శాలీ తల్లి, అమ్మమ్మల వైపు సంగతి వై క్రోమోజోమును అడిగి లాభం లేదు.

ప్రశ్న: ఇవన్నీ చూడడానికి అమెరికా వెళ్లవలసిందేనా? కోడలి తాతగారి గురించి 1890, 1960 జనాభా లెక్కలు వెతికితే దొరకలేదు.
— ఒక పాఠకుడు, నరసన్నపేట

సమాధానం: వెళ్లనవసరం లేదు. సాల్ట్ లేక్ సిటీలో 1894లో మొదలైన వంశావళి సంఘం ప్రపంచమంతటి నమోదులను మైక్రోఫిల్ముల మీదికి ఎక్కించింది. దాని వారసత్వంగా నడుస్తున్న ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో నమోదు చేసుకుంటే వాటిలో చాలా భాగం నరసన్నపేట నుంచే రుసుము లేకుండా చూడవచ్చు. 1890 లెక్కల కోసం కాలం వృథా చేయకండి. వాషింగ్టన్‌లో 1921 జనవరిలో జరిగిన అగ్నిప్రమాదం వల్ల వాటిలో దాదాపు అన్నీ పోయాయి. ఆ నడుమ తరానికి నగర చిరునామా పుస్తకాలు, పన్ను జాబితాలు వెతకవలసి ఉంటుంది. 1960వి ఉన్నాయి గాని, వ్యక్తుల వివరాలను 72 ఏళ్లు గోప్యంగా ఉంచాలన్న నియమం ప్రకారం ఇంకా బయటపెట్టలేదు. 1950 లెక్కలను 2022 ఏప్రిల్ 1న విడుదల చేశారు, కోడలి తాతగారి పేరును ముందుగా వాటిలో చూడండి. 1960 లెక్కల వంతు 2032లో వస్తుంది.