తనిఖీ వస్తోందని తెలిసినప్పుడు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: జీడిమెట్ల పారిశ్రామికవాడలో నాకు చిన్న ప్రెస్ షాపు ఉంది. ఇనుప రేకుతో, అల్యూమినియంతో ఎలక్ట్రికల్ ప్యానెళ్లకు కావలసిన భాగాలు తయారుచేస్తాము. ఆరు పవర్ ప్రెస్సులు, రెండు గ్రైండర్లు, ఒక బఫింగ్ (మెరుగుపెట్టే) యంత్రం, ఒక ఎయిర్ కంప్రెసర్ ఉన్నాయి. మొత్తం 34 మంది పనిచేస్తారు. వారిలో 12 మంది కాంట్రాక్టరు ద్వారా బిహార్, ఒడిశాల నుంచి వచ్చినవారు. మూడు వారాల్లో ఫ్యాక్టరీల శాఖ తనిఖీ ఉంటుందని తెలిసింది. గోడలకు సున్నం వేయించి, కొత్త హెల్మెట్లు కొని, ఖాళీగా ఉన్న రిజిస్టర్లు పూర్తిచేయించి, ఆ ఒక్కరోజు కాంట్రాక్టు మనుషులను రావద్దని చెప్పమని చుట్టుపక్కల యజమానులు సలహా ఇస్తున్నారు. నేను నిజంగా చేయవలసిందేమిటి?
– ఒక పాఠకుడు, జీడిమెట్ల

సమాధానం: ముందుగా ఆ చివరి రెండు సలహాలను పక్కన పెట్టండి. కాంట్రాక్టు కార్మికులను ఆ రోజు ఇంటి దగ్గర ఉంచడం తప్పు మాత్రమే కాదు, ప్రమాదకరం కూడా. మీ షెడ్డులో ఏ వేళ ఎవరెవరు ఉన్నారో కాగితం మీద ఉండటం ఎంత అవసరమో 2025 జూన్ 30న పాశమైలారంలో చూశాము. మందుల తయారీలో వాడే పొడిని తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. ఆ ఉదయం లోపల ఉన్నవారెవరు, బయటపడినవారెవరు, ఆచూకీ తెలియనివారెవరు అన్నది తేల్చడానికే రోజులు పట్టింది, ఊరు కాని ఊరు వచ్చిన కుటుంబాలు గేటు బయట నిలబడి ఎదురుచూశాయి. మీ 12 మంది పేర్లు, స్వగ్రామాలు, ఇంట్లోవారి ఫోను నంబర్లు, ఈఎస్ఐ నంబర్లు కాంట్రాక్టరు దగ్గరే కాక మీ రిజిస్టరులో కూడా ఉండాలి. ఈ పనికి ఒక పూట చాలు కనుక రేపే చేయండి.

ఇక గడిచిపోయిన నెలల రిజిస్టర్లను ఇప్పుడు కూర్చుని రాయించడం గురించి. ఒకే కలంతో, ఒకే చేతివ్రాతతో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా ఏడాది పొడవునా నిండిన రిజిస్టరును అనుభవం ఉన్న అధికారి చూడగానే గుర్తుపడతారు. అంతకంటే ముఖ్యమైన సంగతి, అలా రాసిన కాగితం రేపు ప్రమాదం జరిగితే మీకు రక్షణ ఇవ్వకపోగా మీకు వ్యతిరేకంగా సాక్ష్యమవుతుంది. ఖాళీలను ఖాళీలుగానే ఉంచి, ఈ రోజు తేదీ వేసి, ఈ రోజు నుంచి నిజంగా రాయండి. "ఫలానా నెల వరకు రాయలేదు, ఇకపై రాస్తున్నాము" అని అధికారికి చెప్పగలగడం అబద్ధపు రిజిస్టరు చూపడం కంటే మేలు.

చట్టం విషయంలో ఒక మాట. ఇన్నేళ్లుగా మనకు ఆధారమైన 1948 ఫ్యాక్టరీల చట్టం విద్యుత్తుతో నడిచే చోట 10 మంది కార్మికులుంటే వర్తించేది. దాని స్థానంలో, 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి (కోడ్) 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. అందులో ఈ సంఖ్య 20. మీ దగ్గర 34 మంది ఉన్నారు కనుక ఏ లెక్కన చూసినా మీది ఫ్యాక్టరీయే. కాంట్రాక్టరు మనుషులను తీసివేసి లెక్క తగ్గించుకోవాలని చూడవద్దు, వారు కూడా లెక్కలోకి వస్తారు. పాత చట్టం కింద చేసిన నిబంధనలు కొత్త స్మృతికి విరుద్ధం కానంతవరకు కొనసాగుతాయి. అందువల్ల కింద నేను చెప్పే పాత చట్టపు ఏర్పాట్లను ఇంకా మంచి కొలబద్దగానే తీసుకోవచ్చు. కొత్త స్మృతి ప్రకారం ప్రతి కార్మికునికి నియామక పత్రం ఇవ్వాలన్నది మాత్రం మరచిపోకండి. చిన్న యూనిట్లలో ఎక్కువగా కనిపించని కాగితం అదే.

ఇప్పుడు మీ ప్రెస్సుల దగ్గరకు వద్దాం. మూడు వారాల్లో రెండు వారాలు ఇక్కడే గడపమని నా సలహా. పవర్ ప్రెస్ వేళ్లను, అరచేతులను తీసుకుపోయే యంత్రం. బాలానగర్, జీడిమెట్ల ప్రాంతాల్లో చాలాకాలం పనిచేసిన పాత ఆపరేటర్ల చేతులు చూస్తే ఈ మాటకు వేరే రుజువు అక్కర్లేదు. ఆరు ప్రెస్సుల ముందూ ఒక్కొక్కటిగా, పని నడుస్తుండగా, కనీసం అరగంట నిలబడి చూడండి. రెండు చేతులతో నొక్కవలసిన బటన్లలో ఒకదానికి టేపు చుట్టి లేదా తీగ కట్టి ఒంటి చేత్తో నడుపుతున్నారా? పాదంతో నొక్కే పెడల్‌పైన కవరు ఉందా, లేక కింద పడిన రేకుముక్క తగిలినా రామ్ (రేకు మీదికి దిగే బరువైన భాగం) దిగిపోయే స్థితి ఉందా? డై (రేకుకు ఆకారమిచ్చే అచ్చు) ముందు చేతులకు అడ్డుగా ఉండవలసిన గార్డు యంత్రం మీదే ఉందా, మూలన ఉందా?

గార్డు మూలన ఉంటే ఆపరేటరును కోప్పడకండి, ఎందుకు తీశావని అడగండి. నేను చూసినంతలో సమాధానం దాదాపు ఎప్పుడూ ఒకటే ఉంటుంది: రేకు పెట్టడానికి అడ్డం వస్తోంది, లేదా తుక్కు బయటకు రాక ఇరుక్కుంటోంది, పీసుల లెక్క తగ్గితే కూలి తగ్గుతోంది. ఇది మనిషి మొండితనం కాదు, గార్డు ఆకృతిలోని లోపం, కొంతవరకు కూలి కట్టే పద్ధతిలోని లోపం. అదే గార్డును తనిఖీ రోజున మళ్లీ బిగించి మరునాడు విప్పడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. రేకు దూరి చెయ్యి దూరనంత సందు ఉండేలా, తుక్కు కిందికి జారిపోయేలా గార్డును మార్చి చేయించండి. చిన్న భాగాలను డై కిందికి పెట్టి తీయడానికి చిమటాలు, అయస్కాంతపు పట్టుకర్రలు ఇవ్వండి. కొత్త పద్ధతికి చేతులు అలవాటు పడే వారం రోజులూ పీసుల లెక్క చూడకుండా పూర్తి కూలి ఇవ్వండి. ఇది చేసినప్పుడే గార్డు తనిఖీ తర్వాత కూడా యంత్రం మీద ఉంటుంది.

డై మార్చేటప్పుడు స్విచ్ ఆపితే చాలనుకోవడం మరో పెద్ద పొరపాటు. మోటారు ఆగినా ఫ్లైవీల్, అంటే ప్రెస్సును నడిపే బరువైన చక్రం, చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది, ఆ వేగంతోనే రామ్ ఒకసారి దిగగలదు. ఫ్లైవీల్ పూర్తిగా ఆగేవరకు వేచి ఉండటం, రామ్ కింద బలమైన దిమ్మ పెట్టడం, మెయిన్ స్విచ్‌కు తాళం వేసి ఆ తాళంచెవి డై మార్చే మనిషి జేబులోనే ఉంచుకోవడం, ఈ మూడూ మీ షాపులో రాసిపెట్టిన నియమంగా ఉండాలి. నడుస్తున్న యంత్రాన్ని పరీక్షించడానికి, నూనె వేయడానికి ప్రత్యేక శిక్షణ పొంది, ఒంటికి పట్టే దుస్తులు వేసుకున్న, రిజిస్టరులో పేరు నమోదైన వయోజన కార్మికుణ్ణి మాత్రమే అనుమతించాలని 1948 చట్టం 22వ సెక్షను చెప్పింది. అధికారి అడిగే తొలి ప్రశ్నల్లో ఇదొకటి కావచ్చు.

బఫింగ్ యంత్రాన్ని మీరు ప్రశ్నలో ఒక్క మాటతో దాటేశారు, నాకు మాత్రం అక్కడే ఎక్కువ ఆందోళనగా ఉంది. అల్యూమినియం ధూళి సన్నగా గాలిలో లేచినప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ఇనుము గ్రైండింగ్, అల్యూమినియం బఫింగ్ ఒకే మూలలో, ఒకే పీల్చుడు గొట్టంతో చేస్తుంటే ఇనుపరవ్వలూ అల్యూమినియం ధూళీ ఒకేచోట చేరుతున్నాయన్నమాట. వాటిని వెంటనే వేరుచేయండి. దూలాల మీద, ట్యూబులైట్ల మీద పేరుకున్న ధూళిని కంప్రెసర్ గాలితో ఊదించవద్దు, నిప్పు రాజేయని మెత్తని కుంచెలతో మెల్లగా ఊడ్పించండి. ఆ ధూళి అంటుకుంటే నీళ్లు చల్లకూడదు, మంటలార్పే సిలిండరుతో జోరుగా కొట్టకూడదు. అందుకని పక్కనే పొడి ఇసుక బకెట్లు ఉంచి, అవి ఎందుకో అక్కడ పనిచేసేవారికి చెప్పండి.

మిగిలినవాటిని త్వరగా చెబుతాను. గ్రైండరు రాయికి, పని ఆనించే రెస్టుకు మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. రాయి అరిగినకొద్దీ రెస్టును ముందుకు జరపాలి. కంప్రెసరు ట్యాంకు సేఫ్టీ వాల్వు, గేజీ పనిచేస్తుండాలి, గుర్తింపు పొందిన నిపుణుడు ఇచ్చిన పరీక్ష ధ్రువపత్రం ఉండాలి. డైలు ఎత్తే చైన్ పుల్లీకి కూడా ఏడాదికొకసారి అలాంటి పరీక్ష తప్పనిసరి. ఈ నిపుణులు పిలిచిన రోజే రాకపోవచ్చు కనుక మొదటి వారంలోనే ఫోను చేయండి. ప్రథమ చికిత్స పెట్టెలో నిర్దేశించిన సామాను తప్ప వేరే వస్తువులు ఉండకూడదు, అది తెరవడం తెలిసి శిక్షణ పొందిన మనిషి ప్రతి షిఫ్టులో ఉండాలి. సున్నం వేయించడం మంచిదే. 14 నెలలకొకసారి వేయించి తేదీ రాసుకోవాలని పాత చట్టమే చెప్పింది.

తలుపుల సంగతిని మాత్రం త్వరగా దాటలేను. 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలో ఒక తుక్కు గోదాములో మంటలు లేచి, పైన నిద్రిస్తున్న 11 మంది బిహారీ కార్మికులు బయటికి దారిలేక చనిపోయారు. మీ షెడ్డుకు వెనుక తలుపు ఉండే ఉంటుంది, అక్కడ రేకు కట్టలు పేర్చి ఉండే అవకాశమూ ఉంది. మనుషులు లోపల ఉన్నంతసేపూ ఏ తలుపుకూ, ఏ షట్టరుకూ తాళం ఉండకూడదు. రాత్రివేళ షెడ్డులో ఎవరూ నిద్రించకూడదు. మీ 12 మందిలో ఎవరైనా అక్కడే పడుకుంటుంటే, తనిఖీతో నిమిత్తం లేకుండా, ఈ వారమే వారికి వేరే గది చూపించండి. తర్వాత ఒక సాయంత్రం ముందస్తుగా చెప్పకుండా గంట కొట్టించి, అందరూ బయటికి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి, హాజరు పట్టీతో సరిపోల్చండి. సూచనల బోర్డులు తెలుగుతో పాటు హిందీలోనూ ఉండాలి, ఒడియా మాత్రమే చదవగలిగినవారు ఉంటే వారికి నోటితో చెప్పించాలి.

ప్రశ్న: నేను చర్లపల్లిలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. వచ్చే వారం తనిఖీ అధికారి వస్తారని, ఏమడిగినా అంతా బాగుందని చెప్పాలని మా సూపర్‌వైజరు సారు చెప్పారు. కానీ కన్వేయరు బెల్టు చివర రోలరుకు కవరు లేదు, రెండుసార్లు నా చున్నీ అందులో చిక్కుకోబోయింది. ఈ మాట చెబితే పని పోతుందేమోనని భయంగా ఉంది.
– ఒక సోదరి, చర్లపల్లి

సమాధానం: అమ్మా, మీ భయం అర్థంలేనిది కాదు, ఇల్లు గడవవలసిన మనిషికి అది సహజం. అయినా ఆ రోలరు సంగతి చెప్పవలసిందే, ఎందుకంటే మూడోసారి ఏమవుతుందో చెప్పలేము. తన ఆరోగ్యానికీ భద్రతకూ సరైన ఏర్పాట్లు లేవని కార్మికుడు నేరుగా ఇన్‌స్పెక్టరుకు చెప్పుకునే హక్కును 1987 సవరణ ద్వారా పాత ఫ్యాక్టరీల చట్టం 111ఎ సెక్షనులో చేర్చారు. అదే సవరణలో వచ్చిన 118ఎ సెక్షను ప్రకారం ఫిర్యాదు ఎవరినుంచి వచ్చిందో అధికారి బయటపెట్టకూడదన్న నియమం ఉండేది. భారతదేశం 1949లో ఆమోదించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 81వ ఒప్పందంలోనూ ఇదే నియమం ఉంది. కొత్త స్మృతి కూడా, ప్రాణాపాయం దగ్గరలో ఉందని సహేతుకంగా అనిపించినప్పుడు యజమానికీ, అధికారికీ తెలియజేసే హక్కు కార్మికునికి ఇచ్చింది.

మీరు చేయదగిన క్రమం చెబుతాను. తనిఖీకి ముందే, ఇద్దరు ముగ్గురు తోటి కార్మికులతో కలిసి, రోలరుకు కవరు కావాలని సూపర్‌వైజరుకు ఒక కాగితం రాసి ఇవ్వండి, దానికి నకలు ఉంచుకోండి. కవరు వేయిస్తే మంచిదే. వేయించకపోతే అధికారి అడిగినప్పుడు మీరు కన్వేయరు దగ్గరే నిలబడి, చూసింది చూసినట్లు చెప్పండి; ఎవరిమీదా నేరం మోపనక్కర్లేదు, రోలరు చూపించినా చాలు. పక్కన మేనేజరు ఉండటం వల్ల మాట రాకపోతే విడిగా మాట్లాడాలని అడగవచ్చు. అప్పటివరకు ఆ చివర పనిచేసేటప్పుడు చున్నీని తీసి లాకరులో పెట్టి పైన బొత్తాలున్న ఓవర్‌కోటు వేసుకోండి, జడను ముడిచి టోపీలోకి సర్దుకోండి.

మీ సూపర్‌వైజరు ఈ శీర్షిక చదువుతుంటే వారికీ ఒక మాట: కార్మికులకు సమాధానాలు నేర్పించడానికి పట్టే సమయంలో ఆ రోలరుకు రేకు కవరు బిగించవచ్చు.

ప్రశ్న: నాచారంలోని మా యూనిట్‌లో తనిఖీ పూర్తయింది. లోపాలు చూపుతూ నోటీసు వచ్చింది. కొన్ని వెంటనే సరిచేశాము, కొన్నిటికి నెలలు పడతాయి. గడువులోగా అన్నీ పూర్తయ్యాయని రాసి పంపవచ్చా?
– ఒక మేనేజరు, నాచారం

సమాధానం: పూర్తికానిదాన్ని పూర్తయిందని రాయకండి. నోటీసులోని వరుస సంఖ్యలతోనే జవాబు రాసి, సరిచేసిన ప్రతి అంశానికీ తేదీ, ఫొటో, బిల్లు నకలు జతచేయండి. ఆలస్యమయ్యేవాటికి ఆర్డరు ఇచ్చిన కాగితం చూపి, వస్తువు చేరే తేదీ రాసి, గడువు కోరండి. ఆ మధ్యకాలంలో కార్మికులకు ప్రమాదం లేకుండా ఏం చేస్తున్నారో తప్పక రాయాలి. ఉదాహరణకు కొత్త గార్డు వచ్చేవరకు ఫలానా యంత్రాన్ని నడపడం లేదని, దాని ఫ్యూజులు తీసి మేనేజరు గదిలో ఉంచామని రాయవచ్చు, అయితే అది నిజమై ఉండాలి. జవాబును గడువుకు రెండు రోజుల ముందే ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకున్న నకలు ఒకటి ఫైలులో, మరొకటి కార్మికులు చదువుకునేలా నోటీసు బోర్డు మీద ఉంచండి.