ముందు యాక్సిల్ విరిగేది ఎక్కడ? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న (డాలస్ నుంచి): నాది 1999 జీప్ రాంగ్లర్ టీజే. 4.0 ఇంజిన్, 5 గేర్ల మాన్యువల్. ముందు యాక్సిల్ (చక్రాల ఇరుసు) కంపెనీతో వచ్చిన డానా 30 రకం. ప్రస్తుతం 33 అంగుళాల టైర్లు ఉన్నాయి. 35కి మారి ముందు లాకర్ (రెండు చక్రాలనూ కలిపి ఒకే వేగంతో తిప్పే పరికరం) కూడా పెట్టాలనుకుంటున్నాను. అంతకంటే పెద్దదైన డానా 60 యాక్సిల్ వేసేస్తే ఇక చూసుకోనక్కర్లేదని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: 35 టైర్లకు డానా 60 అవసరం లేదు. దాని బరువు డానా 30కి రెట్టింపు పైనే. పైగా మీరు 33 నుంచి 35కి మారితే యాక్సిల్ కింద పెరిగే ఎత్తు ఒక్క అంగుళమే. డానా 60 క్రౌన్ వీల్ (యాక్సిల్ మధ్య గుండులోని పెద్ద పళ్ల చక్రం) వ్యాసం 9.75 అంగుళాలు, మీదాని వ్యాసం 7.2 దాకా. అంటే పెద్ద టైరుతో వచ్చిన ఎత్తును ఆ పెద్ద గుండే మింగేస్తుంది. వీల్ బోల్టులు ఎనిమిదవుతాయి కాబట్టి వెనక చక్రాలూ మార్చాలి. బ్రేకులు, స్టీరింగ్ రాడ్లు, స్ప్రింగులు అన్నీ కొత్తగా అమర్చుకోవాలి.

అసలు ఏది విరుగుతుందో లెక్క వేసి చూడండి. మీ ఇంజిన్ టార్క్ సుమారు 300 న్యూటన్ మీటర్లు. ఫస్ట్ గేర్ 3.83, లో రేంజ్ 2.72, 35 టైర్లకు సరిపడే 4.88 క్రౌన్ పినియన్ (క్రౌన్ వీల్, దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం) నిష్పత్తి కలిపి గుణిస్తే 15,300 వస్తుంది. అందులో సగం, అంటే 7,600 దాకా, ముందు యాక్సిల్‌కు చేరుతుంది. ఇక నేల వైపు చూద్దాం. ముందు చక్రం మీద 450 కిలోల బరువుందనుకుంటే, మంచి పట్టున్న బండ మీద కూడా 33 టైరు 1,850 న్యూటన్ మీటర్ల దగ్గర జారిపోతుంది. 35 టైరైతే 1,960 దగ్గర. అంటే మామూలు నేల మీద టైరు జారడమే షాఫ్ట్‌కు రక్ష. ఆ టైరు రెండు బండల మధ్య ఇరుక్కుంటే మాత్రం జారే వీలుండదు. లాకర్ లేనప్పుడు రెండో చక్రం గాలిలో తిరిగిపోయి బలం తగ్గిపోతుంది. లాకర్ ఉంటే ఆ బలమంతా ఇరుక్కున్న ఒక్క షాఫ్ట్ మీదకే వచ్చి పడుతుంది. అందుకే మీరు భయపడాల్సింది టైరు సైజు కంటే లాకర్‌ను చూసి.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ. చక్రం దగ్గరి యూనివర్సల్ క్రాస్ (రెండు షాఫ్టుల చెవులను కలిపే ప్లస్ ఆకారపు ముక్క) వంగిన కోణంలో తిరుగుతూ షాఫ్ట్ చెవులను విప్పుతుంది. చెవి కాస్త సాగితే క్రాస్ కప్పు బయటికి జరుగుతుంది, ఆ తర్వాత చెవి తెగుతుంది. తెగిన ముక్క బాల్ జాయింట్‌ను (చక్రం అటూ ఇటూ తిరిగే కీలును) కూడా పగలగొట్టగలదు.

కాబట్టి ముందుగా డబ్బు పెట్టాల్సింది షాఫ్టుల మీద, క్రాస్‌ల మీద. 4340 క్రోమోలీ (గట్టి మిశ్రమ ఉక్కు) షాఫ్టులు నాలుగూ (లోపలివి రెండు, బయటివి రెండు) తీసుకోండి. వాటిలో గ్రీజు రంధ్రం లేని స్పైసర్ 5-760ఎక్స్ క్రాస్‌లు వేయండి. గ్రీజు నిపుల్ ఉన్న క్రాస్‌కు లోపల రంధ్రం తొలిచి ఉంటుంది, విరిగేది అక్కడే. కప్పులను పట్టి ఉంచడానికి పూర్తి వృత్తాకారపు స్నాప్ రింగులున్న షాఫ్టులు దొరికితే అవే కొనండి. ఇది పూర్తయ్యాకే లాకర్ పెట్టండి. వరస తిరగేస్తే మొదటి బండ దగ్గరే షాఫ్ట్ పోతుంది.

ఇంకో మాట. వెనక యాక్సిల్ డానా 35 అయితే మొదట దాని సంగతి చూడండి. దాని షాఫ్టును లోపల సీ-క్లిప్పు పట్టి ఉంచుతుంది. షాఫ్ట్ తెగితే చక్రమే బయటికి వచ్చేస్తుంది. అది ముందు యాక్సిల్ కంటే పెద్ద ప్రమాదం.

ప్రశ్న (ఫీనిక్స్ నుంచి): నా టీజేకు ముందు యాక్సిల్‌గా టీజే రూబికాన్ మోడల్ డానా 44 మంచిదా, జీప్ చెరోకీ ఎక్స్‌జే హై పినియన్ (పినియన్ పైన ఉండే) డానా 30 మంచిదా?

జవాబు: 2003–2006 రూబికాన్ డానా 44లో క్రౌన్ 8.5 అంగుళాలు, లోపలి షాఫ్టుల కొసన 30 స్ప్లైన్లు (పట్టు గాడులు; డానా 30కి 27). మధ్యభాగం నిస్సందేహంగా గట్టిది. అయితే కొసల దగ్గర క్రాస్, బాల్ జాయింట్, హబ్ బేరింగ్ అన్నీ డానా 30వే. మీకు విరుగుతున్నది క్రాస్ అయితే ఆ యాక్సిల్ మార్చినా అదే క్రాస్ మళ్లీ విరుగుతుంది. క్రౌన్ పళ్లు పోతుంటే అది సరైన ఎంపిక.

ఎక్స్‌జే హై పినియన్‌ది వేరే లాభం. మీ టీజేలో పినియన్ కింద ఉంటుంది, బండి ముందుకు వెళ్లేటప్పుడు క్రౌన్ పళ్ల వెనక వైపు మీద బలం పడుతుంది. హై పినియన్‌లో పళ్లు అటు తిప్పి కోసి ఉంటాయి కాబట్టి బలం పడేది గట్టి వైపు మీద. ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా పైకి లేచి బండలకు దూరంగా ఉంటుంది. 1996–1999 చెరోకీ యాక్సిల్ వెతకండి. అప్పటికి వ్యాక్యూమ్ డిస్‌కనెక్ట్ (ముందు షాఫ్టును విడదీసే ఏర్పాటు) పోయింది, పెద్ద క్రాస్ వచ్చింది, మౌంట్లు దాదాపుగా టీజేకు సరిపోతాయి. 2000, 2001 బండ్లలో లో పినియన్ ఉంటుంది కాబట్టి ఏడాది చూడకుండా కొనకండి. 37 టైర్లు మీ ఉద్దేశమైతే 1978–79 ఫోర్డ్ బ్రాంకో హై పినియన్ డానా 44 వైపు వెళ్లండి. పినియన్ గుండు టీజేకు కావలసినట్టే డ్రైవర్ వైపే ఉంటుంది, లాకింగ్ హబ్బులతో (చక్రాన్ని షాఫ్టు నుంచి విడదీయగలవి) వస్తుంది. అయితే అది నాలుగైదు అంగుళాలు ఎక్కువ వెడల్పు, బ్రాకెట్లన్నీ మీరే వెల్డింగ్ చేసుకోవాలి.

ప్రశ్న (శాక్రమెంటో నుంచి): డానా 30 హౌసింగ్ (షాఫ్టులను కప్పే ట్యూబులు, మధ్య గుండు) మీద ట్రస్ (వంగకుండా ఆపే ఉక్కు దూలం) వెల్డింగ్ చేయించాను. ఆ తర్వాత టైర్లు ఒక పక్కే అరుగుతున్నాయి. ఎందుకు?

జవాబు: ట్యూబులు వంగాయి. వెల్డింగ్ చల్లారేటప్పుడు లోహం ముడుచుకుంటుంది. ట్రస్ పైనే ఉంటుంది కాబట్టి కొసలు పైకి లాగబడతాయి, రెండు చక్రాల క్యాంబర్ (నిలువు నుంచి చక్రం వంపు) మారుతుంది. టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం) సరిచేయడానికి టై రాడ్ ఉంది, క్యాంబర్ సరిచేయడానికి ఈ యాక్సిల్‌లో కంపెనీ ఇచ్చిన ఏర్పాటేమీ లేదు.

ముందు కొలత తీయించండి. మంచి షాపులో క్యారియర్ బేరింగ్ గూళ్లలో గుండ్రటి పలకలు బిగించి, వాటిలోంచి పొడవాటి తిన్నటి రాడ్ దూరుస్తారు. ట్యూబు కొసలో ఆ రాడ్ నడిమధ్యన ఉండాలి. ఒక పక్కకు జరిగితే ఎంత వంగిందో అక్కడే కనిపిస్తుంది. కొద్దిపాటి వంపైతే, వెల్డింగ్‌కు ఎదురు వైపున ట్యూబును వేడిచేసి చల్లారనిచ్చి లాగించవచ్చు. ఇది అనుభవమున్న చేతి పని. ఎక్కువ వంగితే హౌసింగ్ మార్చడమే చవక.

మళ్లీ చేయించేటప్పుడు ఏకధాటిగా వెల్డింగ్ పోనివ్వకండి. రెండేసి అంగుళాలు వేసి, ఎడమ కుడి మార్చుతూ, చేతితో తాకగలిగేంత చల్లారాకే తర్వాతది వేయించండి. క్యారియర్ బేరింగ్ క్యాపులు బిగించి ఉంచి, పాత బాల్ జాయింట్లు తీయకుండా అలాగే ఉంచి పని చేయించండి. వేడికి వాటి రబ్బర్లు కాలినా పర్వాలేదు, కొత్తవి చివర్లో వేసుకోవచ్చు. మధ్య గుండు పోత ఇనుము, ట్యూబు ఉక్కు. ఆ రెండింటినీ కలిపే చోట మామూలు రాడ్‌తో వెల్డింగ్ చేస్తే అతుకు పక్కనే సన్నటి పగులు వస్తుంది. గుండును 200 నుంచి 260 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసి, నికెల్ రాడ్‌తో చిన్న చిన్నగా వేసి, వెంటనే సుత్తితో మెల్లగా కొట్టించి, దుప్పటి కప్పి నిదానంగా చల్లారనివ్వాలి.

ట్రస్ కంటే ముందు ట్యూబు కొసల్లోని సీ ఆకారపు భాగాలకు గస్సెట్లు (బలపరిచే ఉక్కు పలకలు) వేయించడం నా సలహా. డానా 30లో మొదట వంగేవి తరచూ అవే. బండి గెంతి దిగినప్పుడు చక్రం వేసే దెబ్బను నేరుగా తినేది అవే మరి.

ప్రశ్న (ఆస్టిన్ నుంచి): డానా 30లో 4.88 క్రౌన్ పినియన్ వేయించాను. ఆక్సిలరేటర్ వదిలితే కూత వస్తోంది. అలవాటైతే పోతుందా?

జవాబు: పోదు. రంగు పూసి పళ్ల ముద్ర చూపించమనండి. ముద్ర పంటి మధ్యలో పడాలి. అది పంటి కొస వైపు ఉంటే పినియన్ దూరంగా ఉంది, షిమ్ (దూరం సరిచేసే సన్నటి పలక) పెంచాలి. పంటి మొదలు దగ్గర ఉంటే మరీ లోపలికి వెళ్లింది, షిమ్ తగ్గించాలి. బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య వదులు) 0.005 నుంచి 0.008 అంగుళాల మధ్య ఉండాలి. దాన్ని క్రౌన్ చుట్టూ నాలుగు చోట్లైనా చూడాలి. కొత్త బేరింగులతో పినియన్ తిప్పడానికి పట్టే బలం 15 నుంచి 35 అంగుళ-పౌండ్లు. టీజేలో ఈ బిగువును క్రష్ స్లీవ్ (నట్ బిగిస్తే నలిగే చిన్న గొట్టం) నిర్ణయిస్తుంది. ఎక్కువ బిగిస్తే నట్ వదులు చేసి సరిపెట్టడం కుదరదు, కొత్త స్లీవ్ వేయాలి. ఇలా తప్పిన బిగువు కూడా కూతకు ఒక కారణం. క్రౌన్ బోల్టులను 70–90 అడుగు-పౌండ్ల టార్క్‌తో, బేరింగ్ క్యాపులను 45తో బిగించాలి.

4.88లో పినియన్‌కు 8 పళ్లే. 4.10లో 10 ఉండేవి. పినియన్ తల చిన్నదైనప్పుడు ముద్రలో కొద్ది తేడా కూడా పంటినే తీసేస్తుంది. వెనక యాక్సిల్ కూడా 4.88 అయిందో లేదో చూసుకున్నాకే ఫోర్ వీల్ వేయండి. మొదటి 500 మైళ్ల తర్వాత నూనె మార్చండి. పట్టేది సుమారు 1.2 లీటర్లు.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి): మారుతి జిప్సీ ముందు నకిల్ (స్టీరింగ్‌తో పాటు చక్రాన్ని తిప్పే భాగం) దగ్గర జిడ్డు కారుతోంది. సీల్ మార్చినా ఆగలేదు.

జవాబు: కారేది గ్రీజా, పలచబడిన గ్రీజా చూడండి. గేర్ ఆయిల్ వాసన వస్తే ట్యూబు చివర లోపలి సీల్ పోయింది. ఆయిల్ గ్రీజును కరిగించి బయటికి తోస్తోంది. రెండు సీళ్లూ ఒకేసారి మార్చండి. కింగ్ పిన్ (నకిల్ తిరిగే నిలువు కీలు) బేరింగులు అరిగి ఉంటే నకిల్ పక్కకు ఊగి ఎంత కొత్త సీలైనా అరిగిపోతుంది. చక్రం లేపి, పైనా కిందా పట్టి ఊపి చూడండి. హబ్ బేరింగ్ బాగున్నా ఆడుతుంటే తప్పు కింగ్ పిన్‌దే. నకిల్ లోపలి గోళం మీద తుప్పు గుంటలుంటే నున్నగా చేయించాలి. లేకపోతే ఆ గుంటలు సీల్‌ను కోసేస్తాయి. లోపలి సీవీ జాయింట్‌కు (వంగిన కోణంలోనూ షాఫ్టును తిప్పే కీలుకు) మాలిబ్డినం గ్రీజు పట్టించాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఆక్సిలరేటర్ తొక్కకండి, ఆ జాయింట్ విరిగేది ఆ కోణంలోనే.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి): కొత్త థార్‌కు ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలకూ కలిపి ఒకే ఇరుసు) వేయించవచ్చా?

జవాబు: 2020 తర్వాతి థార్ ముందు వైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది). దాన్ని తీసి సాలిడ్ యాక్సిల్ వేయాలంటే ఫ్రేమ్ కోసి కొత్త మౌంట్లు వెల్డింగ్ చేయాలి. అది కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అలాంటి మార్పు చెల్లదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఇదే చెప్పింది. రోడ్డు మీద తిరిగే బండికి చేయించకండి. మీకు పోతున్నవి సీవీ జాయింట్లైతే ఎత్తు పెంచడం రెండు అంగుళాల దగ్గర ఆపండి. డిఫరెన్షియల్‌ను కిందికి దింపే స్పేసర్లు వేస్తే జాయింట్ కోణం తగ్గుతుంది. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బూటు (జాయింట్ రబ్బరు తొడుగు) పిండుకుపోతోందా లేదా జాక్ మీద లేపి చూసుకోండి.