‘అన్యమతస్థుడు’: నిఘంటువులో తప్పు లేదు, మరి వార్తలో?

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. నేను కాకినాడలో హైస్కూలు టీచర్‌ని. వార్తలన్నీ ఫోన్‌లోనే చదువుతాను. ఈ మధ్య ఒక చిట్టీల మోసం గురించి ఒక వెబ్‌సైట్‌వాళ్లు ‘అన్యమతస్తుడి ఘరానా మోసం’ అని హెడ్డింగ్ పెట్టారు. చిట్టీల డబ్బుకీ మతానికీ సంబంధమేమిటని మెయిల్ రాస్తే, ‘నిఘంటువు చూడండి, ఆ మాటలో తిట్టు ఏముంది?’ అని జవాబిచ్చారు. నాకు మూడు సందేహాలు. ‘మతస్తుడు’ సరైనదా, ‘మతస్థుడు’ సరైనదా? ‘అన్యమతస్థుడు’ అనడం నిజంగా తప్పు కాదా? మా స్కూల్లో వ్యాసరచన పోటీకి ‘పరమత సహనం’ అని పేరు పెట్టాలా, ‘మత సామరస్యం’ అని పెట్టాలా?

సమాధానం: అమ్మా, మొదటిది ఒక్క మాటలో తేలిపోతుంది. ‘మతస్థుడు’ సరైనది. ‘స్థ’ అంటే ఉన్నవాడు, నిలిచినవాడు. గృహస్థు, మధ్యస్థుడు, గ్రామస్థుడు అన్నీ ఈ కోవలోవే. ‘విశ్వస్తుడు’ వేరు, అక్కడ థకారం రాదు. ఈ తేడా ఐదో తరగతి పిల్లలకు నేర్పుతాం. లక్షలమంది చదివే చోట రాసేవాళ్లు ‘గ్రామస్తులు’, ‘అస్వస్తత’ అని రోజూ రాస్తుంటే నాకు కష్టంగానే ఉంటుంది. అయినా మీరు చెప్పిన ఆ హెడ్డింగ్‌లో వత్తు కంటే పెద్ద తప్పు ఉంది కాబట్టి దాని దగ్గరికే వస్తాను.

ఆ వెబ్‌సైట్‌వాళ్లు నిఘంటువు చూడమన్నారు. చూద్దాం. ‘మతం’ అనే మాట ‘మన్’ అనే ధాతువు నుంచి వచ్చింది. తలచడం, అనుకోవడం దాని అర్థం. మతం అంటే తలచినది, ఒకరి అభిప్రాయం. మతి, మంత్రం, సమ్మతి, అనుమతి, అభిమతం అన్నీ దాని తోబుట్టువులే. ‘బహుమతి’కి మొదటి అర్థం ఎక్కువగా తలచడం, అంటే గౌరవం. శాస్త్రగ్రంథాల్లో ‘మతాంతరం’ అంటే ‘ఈ విషయంలో మరొకరి అభిప్రాయం’ అని మాత్రమే. ఐకమత్యంలోనూ ఈ మతమే ఉంది. గురజాడవారు ‘దేశభక్తి’ గేయంలో ‘మతం వేరైతేను యేమోయి, మనసు లొకటై మనుషులుంటే’ అన్నారు. మతం, మనసు, మనిషి మూడూ ఆ ఒక్క ధాతువు నుంచి పుట్టినవే. ఆ సంగతి ఆలోచించి రాశారో, చేయి దానంతట అదే అటు నడిచిందో గానీ, ఆ పాదం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఆ గేయం 1913లో జనం చేతికి వచ్చింది కూడా ఒక వార్తాపత్రిక ద్వారానే, కృష్ణాపత్రికలో.

కాబట్టి నిఘంటువు ప్రకారం అన్యమతస్థుడు అంటే వేరే అభిప్రాయంలో ఉన్నవాడు. తిట్టు లేదు, నిజమే. కానీ నిఘంటువు మాట పుట్టుకను చెబుతుంది, నిన్న సాయంత్రం ఆ మాట ఎవరి నోట ఎలా పలికిందో చెప్పదు. ఏ దోషమూ లేని మాట వాడుకలో తిట్టుగా ఎలా మారుతుందో తెలియాలంటే ‘పాషండుడు’ అనే మాట కథ తెలియాలి. ఎవరైనా వింటామంటే ఈ కథ చెప్పకుండా ఉండలేను, కొంచెం ఓపిక పట్టండి.

ఇప్పుడు పాషండుడు అంటే వేదాన్ని నిందించేవాడు, దుర్మార్గుడు. మన కావ్యాల్లో ఇది గట్టి తిట్టే. కానీ క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో అశోకుడి శాసనాల్లో ‘పాసండ’ అంటే ఏదో ఒక మార్గాన్ని అనుసరించే సమూహం, అంతే. బౌద్ధులూ, బ్రాహ్మణులూ, ఆజీవకులూ, జైనులూ అందరివీ పాసండాలే. ఎవరి సొంత మార్గాన్నైనా చెప్పడానికి శాసనం వాడినదీ అదే మాట, ‘ఆత్పపాసండ’ అని. తర్వాతి కాలంలో మన పొరుగున కళింగాన్ని ఏలిన ఖారవేలుడు తన హాథీగుంఫా శాసనంలో ‘సవపాసండపూజకో’ అని, అంటే అన్ని మార్గాలనూ పూజించేవాడినని గర్వంగా చెక్కించుకున్నాడు. ఈ మాట ‘పార్షద’ నుంచి, అంటే పరిషత్తులో ఉండేవాడు అనే అర్థం నుంచి వచ్చిందని కొందరు పండితులు ఊహించారు. అది రుజువైన సంగతి కాదు గానీ నాకు ఇష్టమైన ఊహ.

తర్వాత ఏమైంది? ప్రతి గుంపూ తనకు వేరే పేరు పెట్టుకుని ఈ పేరును ఎదుటివాడికి వదిలేసింది. పాలిలో బౌద్ధులు ఇతరులను పాసండులన్నారు, సంస్కృతంలో వైదికులు బౌద్ధులనూ జైనులనూ పాషండులన్నారు. అమరకోశం ‘పాషండాః సర్వలింగినః’ అంటుంది, రకరకాల చిహ్నాలు ధరించేవాళ్లని. మనుస్మృతి నాలుగో అధ్యాయమైతే పాషండులను ‘వాఙ్మాత్రేణాపి నార్చయేత్’, నోటి మాటతోనైనా గౌరవించవద్దని తేల్చేసింది. మాటలో ఒక్క అక్షరమూ తప్పు కాలేదు, తనది అని చెప్పుకునేవాడు మాత్రం లేకుండా పోయాడు. ఎప్పుడూ ఎదుటివాడికే అంటే మాటకు గతి అంతే. ‘అన్యమతస్థుడు’ విషయంలో నా భయమూ ఇదే. ‘నేను అన్యమతస్థుణ్ణి’ అని తన గురించి ఎవరూ చెప్పుకోరు కదా.

ఆ పాసండం పేరుతోనే అశోకుడు చెప్పిన ఒక నియమం ఉంది. అది పన్నెండో శిలాశాసనం. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో, గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో, అశోకుడి పద్నాలుగు శిలాశాసనాలూ బండల మీద ఉన్నాయి. మనవాళ్లు ఎక్కడెక్కడికో యాత్రలు వెళ్తారు, అక్కడికి మాత్రం వెళ్లరు. ఇదే పన్నెండో శాసనానికి గుజరాత్‌లోని గిర్నార్‌లో ఉన్న పాఠంలో అన్ని మార్గాలూ పెరగడానికి మూలం ‘వచిగుతీ’ అని ఉంది. వచి అంటే వాక్కు, గుతి అంటే గుప్తి, కాపాడుకోవడం. గోప్యం, గుప్తనిధి అన్నవాటిలోని గుప్తమే ఇదీ. జైనులు మనోగుప్తి, వాగ్గుప్తి, కాయగుప్తి అని మూడు చెబుతారు కదా, అందులో నడిమిది. వచిగుతి అంటే ఏమిటో శాసనమే వివరిస్తుంది: తన పాసండాన్ని పొగడడం, పర పాసండాన్ని గర్హించడం ‘అప్రకరణమ్హి’ ఉండకూడదు, ప్రకరణం ఉన్నప్పుడు కూడా ‘లహుకా’ ఉండాలి.

అప్రకరణం అంటే సందర్భం లేనిచోట. లహుకా అంటే లఘువుగా, తేలికగా. రాజు నోరు మూసుకోమనలేదమ్మా. సందర్భం లేనిచోట ఆ మాట ఎత్తవద్దు, సందర్భం ఉన్నా బరువు వేయవద్దు అన్నాడు.

ఇప్పుడు మన ప్రెస్ కౌన్సిల్ మాట చూడండి. ఆ సంస్థ 1966లో మొదలైంది, ఇప్పుడున్నది 1978 చట్టం కిందిది. పత్రికలవాళ్లకు అది రాసిపెట్టిన నడవడి నియమాల్లో ఒకటి, మనిషిని కులంతో గుర్తించి చెప్పడం సాధారణంగా మానాలని. ముఖ్యంగా ఆ కులాన్ని కించపరిచే పనిని దానికి అంటగట్టినట్టు వినిపించే చోట మానాలని. నేరంతో సంబంధం లేనప్పుడు నిందితుణ్ణి కులంతోనో వర్గంతోనో చెప్పకూడదని ఇంకొకటి. ఎర్రగుడి బండ మీద ఉన్న మాటే ఇది. అయితే ప్రెస్ కౌన్సిల్ చేయి అచ్చు పత్రికల దాకానే వెళ్తుంది. వెబ్‌సైట్లూ ఈ నియమాలు పాటించాలని 2021 ఐటీ నిబంధనల్లో పెట్టారు, ఆ భాగాన్ని అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు నిలిపేసింది. ప్రభుత్వం చేతికి అంత అధికారం ఇవ్వడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. రాసేవాడి వాగ్గుప్తికి మాత్రం ఏ గెజిట్టూ అక్కర్లేదు.

సందర్భం దాటిన మాట ఏం చేస్తుందో 2020లో మన కళ్లతో చూశాం. ‘మర్కజ్’ అరబ్బీ మాట. నేలలో దిగేసిన బల్లెంలా స్థిరంగా ఉన్న చోటు, కేంద్రం అని దాని అర్థం. ‘తబ్లీగ్’ అంటే సందేశాన్ని అందజేయడం. ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో తబ్లీగీ జమాత్ అనే ముస్లిం ప్రచార సంస్థ జరిపిన సమావేశానికి తెలంగాణ నుంచీ ఆంధ్ర నుంచీ చాలామంది వెళ్లొచ్చారు. వాళ్లను వెతికి కరోనా పరీక్షలు చేయాలి కాబట్టి ఆ మార్చి నెలాఖరున ‘మర్కజ్‌కు వెళ్లొచ్చినవారు’ అని రాయడం సందర్భం ఉన్న మాటే, ప్రాణాలకు సంబంధించిన మాట. వారం తిరగకుండానే అది ‘మర్కజ్ కేసులు’ అయింది. తర్వాత ‘కరోనా జిహాద్’ అనే మాట పుట్టింది. ఎప్పటివో వీడియోలు తీసి అప్పుడే జరిగినట్టు తిప్పారు. నిజాముద్దీన్ ఎక్కడుందో తెలియని కూరగాయల బండివాళ్లను చాలా ఊళ్లలో వీధుల్లోకి రానివ్వలేదు. అందరికీ టెన్షన్‌గా ఉన్న రోజులవి, ఆ టెన్షన్‌కు ఒక మనిషి ముఖం కావాల్సి వచ్చింది, వార్తలు ఆ ముఖాన్ని చూపించాయి. అదే ఏడాది ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం ఆ సమావేశానికి వచ్చిన విదేశీయుల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేయడానికి చూసినట్టుందని, మీడియాలో పెద్ద ప్రచారమే జరిగిందని చెప్పింది. 2021 సెప్టెంబర్ 2న సుప్రీంకోర్టులో, అప్పుడు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న మన తెలుగాయన ఎన్.వి. రమణగారు, మీడియాలో ఒక భాగం ప్రతిదాన్నీ మతం కోణంలో చూపిస్తోందని, వెబ్ పోర్టళ్లకూ యూట్యూబ్ ఛానళ్లకూ జవాబుదారీ లేకుండా పోయిందని బాధపడ్డారు. కేంద్రం అనే అర్థమున్న మాట అన్ని ఇళ్లలోనూ భయపెట్టే మాటగా మారడానికి నెల రోజులు పట్టలేదు. ‘పాసండ’కు కొన్ని శతాబ్దాలు పట్టింది.

ఇంకో అలవాటు గురించి కూడా చెప్పాలి. అల్లర్లప్పుడు మతం పేరు రాయకుండా ‘ఒక వర్గం’, ‘మరో వర్గం’ అని రాయడం పాత పత్రికల మంచి పద్ధతి. అది నిప్పు మీద నీళ్లు చల్లడానికి పుట్టింది. ఇప్పుడు లోపల ‘ఒక వర్గం’ అని రాసి, పైన థంబ్‌నెయిల్‌లో టోపీయో, శిలువో, కాషాయమో పెడుతున్నారు. ఇది భాషకూ పాఠకుడికీ కూడా చేసిన ద్రోహమే.

సరే, మీ రెండో ప్రశ్నకు నా తీర్పు. ‘అన్యమతస్థుడు’ వ్యాకరణానికి ఒప్పే. తిరుమలలో హిందువులు కానివారు దర్శనానికి ముందు ఇచ్చే డిక్లరేషన్ గురించి రాస్తే అక్కడ మతమే విషయం, ఆ మాట రావచ్చు. ఒక మనిషిని మతం కారణంగానే కొట్టి ఉంటే అతని మతం దాచడమూ తప్పే, అప్పుడు చెప్పకపోతే వార్త అబద్ధమవుతుంది. చిట్టీల మోసంలో మాత్రం ఆ మాట తీసేసి చదవండి. ఎంత డబ్బు పోయింది, ఎవరిది పోయింది, పోలీసులు ఏమన్నారు అనేవాటిలో ఒక్కటైనా తగ్గుతుందా? తగ్గకపోతే అది అప్రకరణం. పైగా ‘అన్య’ అనగానే రాసేవాడు తానూ, చదివేవాడూ ఒకే మతంవాళ్లని నిశ్చయించుకున్నట్టే. వార్త అందరికీ రాసేది కదా, ఎవరికి అన్యుడు? తప్పనిసరిగా చెప్పాల్సి వస్తే ఆ మతం పేరు సూటిగా రాయడమే మర్యాద. ‘ఇతర మతస్థుడు’ అంటే పదును కాస్త తగ్గుతుందని కొందరంటారు. తగ్గుతుందేమో, నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు.

ఇక వ్యాసరచన పోటీ. ‘సహనం’ అంటే పంటి బిగువున భరించడం, అది గౌరవం కాదు అనే అభ్యంతరం ఒకటుంది. కానీ ‘సహ్’ ధాతువుకు వేదంలో జయించడం, తట్టుకుని నిలవడం అనే అర్థాలున్నాయి. ‘సహస్సు’ అంటే బలం, దాని నుంచే ‘సాహసం’ వచ్చింది. సహనం చేతగానివాడి గుణం కాదు. అశోకుడు మాత్రం ‘సమవాయో ఏవ సాధు’ అన్నాడు, కలిసి రావడమే మంచిదని. ఒకరి ధర్మం ఒకరు వినాలని, అందరూ ‘బహుశ్రుతులు’ కావాలని కూడా అన్నాడు. నన్నడిగితే ‘సమవాయం’ అంటాను, కానీ ఆ మాట ఇప్పుడు పిల్లలకు అందదు. పోటీకి ‘మత సామరస్యం’ అని పెట్టండి. తన వ్యాసంలో ‘సహనం’ అని రాసిన పిల్లకు మాత్రం మార్కులు తగ్గించకండి.